మంచినీళ్లేనా అని అడిగాను

మా అక్క మొగుణ్ణి పుల్లలచెరువు వైపు కొండల్లోకి లాక్కుపోయింది నేనే. మార్కాపురంలో దుకాణం దాటి బయటికి రాని మనిషి. రెండ్రోజులు సంచి తగిలించుకుని నడిస్తే పొట్ట తగ్గుతుందని బతిమాలాను. బయల్దేరేటప్పుడు అక్క ఒక్కటే చెప్పింది, నీళ్ల విషయంలో జాగ్రత్త అని. అందుకే క్లోరిన్ బిళ్లలు కొన్నాను. సీసాలో ఒకటి వేసి అరగంట ఆగి తాగాలి.

బావకు ఆ వాసన పడలేదు. "ఏంది బామ్మర్దీ, ఆసుపత్రిని సీసాలో పోసి తెచ్చినావా?" అని ఎగతాళి చేశాడు. మొదటి రోజు మధ్యాహ్నం అడవి అంచున ఒక పల్లెకు చేరాం. వాగు ఎండిపోయింది. ఇసుకలో తవ్విన చెలమ దగ్గర కూర్చుని ఒక పెద్దావిడ చిప్పతో నీళ్లు తోడి బిందెలో పోస్తోంది.

"పెద్దమ్మా, ఇవి మంచినీళ్లేనా?" అని అడిగాను.

"మంచినీళ్లే నాయనా. తియ్యగా ఉంటాయి."

బావ బిళ్ల వేసిన నీళ్లు పారబోసి, చెలమ నీళ్లతో సీసా నింపుకుని గటగటా తాగాడు. బిళ్లలు నా సంచిలోనే ఉన్నాయి. ఆమె మాట విన్నాక నాకూ అవి దండగనిపించి తీయలేదు. నా సీసాలో పాత నీళ్లు మిగిలి ఉన్నాయి కాబట్టి నేను బతికిపోయాను.

ఆ రాత్రి ఆమె ఇంటి వసారాలోనే పడుకున్నాం. తెల్లారి కొండ సగం ఎక్కామో లేదో, బావకు వాంతులు, విరేచనాలు. భుజం ఇచ్చి కిందికి దింపి అదే వసారాలో పడుకోబెట్టాను. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. "పొద్దుట్నించి ఒంటికి పోలేదు బామ్మర్దీ" అన్నాడు చిన్నగా. ఒంట్లో నీళ్లు ఇంకిపోతున్నాయని అర్థమైంది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆటో కోసం పక్క ఊరికి కబురు పోయింది కానీ అది ఎప్పుడొస్తుందో తెలియదు.

భయమంతా కోపమై ఆమె మీదికి పోయింది. "మంచినీళ్లని చెప్పినావు గదా పెద్దమ్మా" అని అరిచాను.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "బోరు నీళ్లు ఉప్పు కషాయం నాయనా. చెలమవి అట్ల ఉండవు. నువ్వడిగింది అదే అనుకున్నా. మేమైతే కాచకుండా నోట్లో పెట్టం."

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఇంట్లోనూ అంతే. ఉప్పు లేకపోతే చాలు, మంచినీళ్లు అనేస్తాం. పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాటే, ఒక్కసారైనా ఆలోచించలేదు.

కాచి చల్లార్చిన నీళ్లలో నా దగ్గరున్న ఓఆర్ఎస్ పొట్లం కలిపి, ఆమే చెంచాతో బావకు తాగించింది. కక్కితే కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టేది. మధ్యమధ్యలో ప్రార్థన చేసుకునేది. అక్కకు ఏం మొహం చూపించాలిరా దేవుడా అనుకుంటూ నేను ఆ పక్కనే కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా బావ మెల్లగా లేచి, గోడ పట్టుకుని ఇంటి వెనక్కి పోయాడు. పడిపోతాడేమోనని వెంటే వెళ్లి మూల దగ్గర ఆగాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత నేల మీద ధార పడిన చప్పుడు వినిపించింది, కొంచెమే.

"వచ్చినాయి బామ్మర్దీ" అన్నాడు అటు తిరిగే.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.