బావ బండికి నేను బిగించిన గడ్డం

మొన్న బావ సంవత్సరీకం నాడు నేను నవ్వకూడని చోట నవ్వాను. పోతిరెడ్డిపల్లిలో అక్క ఇంటి ముందు షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. నా వరుసలో నేను కాక ఎనిమిది మంది చుట్టాలు కూర్చున్నారు. ఎవరో నీళ్లు అడిగితే అక్క జగ్గు తెచ్చి వంచుతూ, "మంజీర నీళ్లే, భయపడకుండ్రి. బోరు నీళ్లు వోసి ఇంజను కాలవెట్టినాయన పోయి ఏడాదాయె" అంది. ఆ గొంతులో సగం ఎగతాళి, సగం దుఃఖం. వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం గట్టిగానే. ఆ ఇంజను కాలడానికి కారణం నేను. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు దండ వేసిన పటంలో ఉన్నారు. రెండోవాడు చేతిలో పెరుగన్నం ముద్ద పట్టుకుని నవ్వుతున్నాడు.

మా బావ పుట్టుకతో రైతు. వాగు పక్కన రెండెకరాల వరి పొలం ఉండేది. పైన ఫ్యాక్టరీలు వచ్చాక వాగు రంగు మారింది, తర్వాత బోర్ల నీళ్ల రంగు మారింది. ఆ నీళ్లు పారిన మడిలో నారు మూడో రోజుకు ఎర్రబడి పడుకునేది. బర్రెలు ఆ నీళ్ల దగ్గరికి వెళ్లి మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. రెండు పంటలు పోయాక బావ నాగలి అటక మీద పెట్టి, ఎవరో వాడి పడేసిన పాత డీజిల్ పికప్ బండి కొన్నాడు. సంగారెడ్డి మార్కెట్లో కూరగాయలు ఎత్తి పటాన్‌చెరు, జిన్నారం ఫ్యాక్టరీల క్యాంటీన్లకు వేసేవాడు. పొలం పోయిన మనిషికి ఆ బండే పొలం. పొద్దున్నే బర్రెను కడిగినట్టు కడిగేవాడు. రేడియేటర్‌లో మంజీర నల్లా నీళ్లు తప్ప పోసేవాడు కాదు. సీటు వెనక తెల్ల క్యాను ఒకటి ఎప్పుడూ నిండుగా ఉండేది. దారిలో ఎవరైనా బోరు దగ్గర పట్టుకోమంటే, "గా నీళ్లు నా పొలాన్ని తిన్నయి, బండిని గూడ తిననియ్యాల్నా?" అనేవాడు.

నేను ఒక ఫ్యాక్టరీలో రేకు పని చేసేవాణ్ణి. చేతి పని బాగానే వచ్చు. ఆ పనికి మించిన గర్వం కూడా ఉండేది. మా షెడ్డులో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఇంజనీరు సారు ఒకాయన, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన మోటారు బండ్ల ఇంగ్లీషు పత్రికలు పెట్టుకుని చదివేవారు. ఒకనాడు అందులో నాకో బొమ్మ కనిపించింది. పాత పికప్ బండి బంపరు కింద, నేలకు జానెడు ఎత్తు దాకా వేలాడుతున్న నల్లటి పలక. ఎయిర్ డ్యామ్ అంటారట. ఎదురుగాలి బండి అడుగున దూరి వెనక్కి ఈడవకుండా పక్కలకు తోసేస్తుందట, బండి నిలకడగా పోతుందట, డీజిల్ తక్కువ తాగుతుందట. ఇంతవరకు సారు చెప్పారు. పక్క పేజీ నిండా ఇంకా ఏదో రాసి ఉంది. "అర్థం కాకపోతే అడగవయ్యా, మొహమాటపడకు" అన్నారాయన. అడిగితే నాకు ఇంగ్లీషు రాదని షెడ్డంతా తెలిసిపోతుంది. అర్థమైందని తల ఊపి, ఆ బొమ్మ ఉన్న పేజీ ఒక్కటి అడిగి తెచ్చుకున్నాను.

ఆదివారం అక్క ఇంటి వాకిట్లోనే పని పెట్టాను. గేటు పాసు రాయించుకుని తెచ్చిన స్క్రాపు రేకు, రెండు యాంగిల్ ముక్కలు, ఆరు బోల్టులు. బొమ్మలో పలక మధ్యన పొడవాటి కిటికీ లాంటి ఖాళీ ఉంది. అది సోకు కోసం పెట్టిందనుకున్నాను. అంత మంచి రేకుకు మధ్యలో చిల్లు కొట్టడానికి మనసొప్పలేదు. అది చాలదన్నట్టు బంపరు కింద ఉన్న సందును కూడా అందంగా మూసేశాను. బావ గొంతుక్కూర్చుని కాసేపు చూశాడు. "జెర సందు ఇడువు బామ్మర్దీ. దానికి గూడ ఊపిరాడాలె గద" అన్నాడు. పదిహేనేళ్లుగా రేకు వంచుతున్నవాడికి మడి దున్నేవాడు చెప్పడమా అనుకున్నాను. అనుకోవడమే కాదు, నవ్వుతూ ఆ మాట అనేశాను కూడా. బావ లేచి నల్ల రంగు డబ్బా మూత తీసి ఇచ్చాడు.

బండి వాడకట్టు దాటేసరికి దానికి పేరొచ్చింది. బండికి గడ్డం మొలిచిందన్నారు. ఇంకొకరు, సింగూరు చాలలేదా, నువ్వు ఇంకో డ్యామ్ కట్టినవా అని బావను ఆటపట్టించారు. బావకు గర్వంగానే ఉండేది. మా బామ్మర్ది పుస్తకం చూసి చేసిండని మార్కెట్లో పదిమందికి చెప్పుకున్నాడు. అవి చలికాలం రోజులు. హైవే మీద బండి నిజంగానే నిలకడగా పోయేది. డీజిల్ కూడా తక్కువ తాగుతోందని బావ అంటే, అది నా గొప్పే అనుకుని ఒళ్లు మరిచిపోయాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటుకు కబురొచ్చింది, ముత్తంగి దగ్గర బండి ఆగిపోయిందని. సైకిలు మీద వెళ్లేసరికి బావ రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. నిండు లోడు, టమాటాలు ఎండకు మెత్తబడుతున్నాయి. వేడి చూపే ముల్లు ఆ బండిలో ఎప్పుడో చచ్చిపోయింది. పొగ వచ్చేదాకా బావకు తెలియలేదు, అప్పటికే ఇంజను పట్టేసింది. ఆ వేడి ముందు నిలబడగానే నాకు మొత్తం అర్థమైంది. బొమ్మలోని కిటికీ సోకు కాదు. రేడియేటర్‌కు గాలి పోయే దారి. ఆ దారిని నేను ఆరు బోల్టులతో మూశాను. గుంజుకుపోయే లారీకి తాడు కట్టాలి, ఈ పలక అడ్డం అన్నాను. పానా తీసి ఆరు బోల్టులూ విప్పి, పలకను తుమ్మ చెట్ల వెనక పడేశాను. తాడుకు అది నిజంగానే అడ్డం. కానీ నేను విప్పింది తాడు కోసం కాదు.

పటాన్‌చెరులో మేస్త్రీ షెడ్డు దగ్గర నలుగురూ మూగారు. అన్నం డబ్బా పట్టుకుని అక్క కూడా వచ్చింది. మేస్త్రీ ఇంజను హెడ్డు విప్పి, పగిలిందని చూపించాడు. ఇంత వేడి ఎందుకైంది అని అతను అంటుండగానే నా నోరు ముందుకొచ్చింది.

"ఏ నీళ్లు వోసినవ్ బావా? బోరు నీళ్లేనా?"

ఆ ప్రాంతంలో ఆ ఒక్క మాట చాలు. బిందెలకు చిల్లులు పెట్టిన నీళ్లు, చేపలను తేల్చిన నీళ్లు. ఎవరూ ఇంకో కారణం వెతకరు. పాత రేడియేటర్‌లో ఎలాగూ తుప్పు ఉంది. మేస్త్రీ వేలితో తీసి చూసి, అదే అయ్యుంటదన్నాడు. అక్క బావ వైపు తిరిగింది.

"తమ్ముడు చెప్పేది నిజమేనా? గా నీళ్లు వోసినవా?"

బావ బంపరు కింద ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. సీటు వెనక తెల్ల క్యాను ఉంది, తీసి చూపిస్తే సరిపోయేది.

"పోసిన్నేమో. యాదికి లేదు" అన్నాడు.

బండి ఇనుప సామాన్ల వాళ్లకు పోయింది. బావ జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ గేటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. తన పొలాన్ని ఎండబెట్టినవాటి లాంటి కంపెనీ కార్లకే పన్నెండేళ్లు సలాం కొట్టాడు. అక్క నోరు చెడ్డది కాదు, కష్టం చెడ్డది. ఇంట్లో ఏది తక్కువైనా ఆమె మాట ఆ నీళ్ల దగ్గరికే వచ్చేది. చెట్టుకు నీళ్లు పోస్తుంటే, సూసి పొయ్యి అనేది. మందు బిళ్ల వేసుకోవడానికి గ్లాసు ఎత్తితే, అవి ఏ నీళ్లు అని అడిగేది. బావ చిన్నగా నవ్వి బిళ్ల మింగేవాడు. ఒకసారి గేటు దగ్గర అతను ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ బండి సంగతి అని నేను నసిగాను. "పొద్దువోతుంది, డ్యూటీకి పో" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు నా ప్రాణం తేలికపడింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

సంవత్సరీకం మర్నాడు పొద్దున మళ్లీ అక్క ఇంటికి వెళ్లాను. నల్లా దగ్గర వంట గిన్నెలు తోముతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, బొమ్మ నుంచి బోల్టుల దాకా. ఆమె తోమడం ఆపకుండానే విన్నది. చివర్న చెయ్యి ఆగింది.

"ఆయనకు ఎర్కనా?"

"ఎర్కనే అక్కా."

"ఎర్కుండి, గన్నేండ్లు నాతోని మాటలు పడ్డడా?"

అవునన్నాను. ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టి, "నన్ను గూడ నీ లెక్కనే జేసినవ్ గదరా" అంది. ఏడవలేదు. తిట్టినా బాగుండేది. బూడిద చేతులు కడుక్కుని లేచి, "నిన్న నవ్వినోళ్లు ఎనిమిది మంది. ఒక్కొక్కని ఇంటికి వోయి చెప్పు. ఫోన్ల గాదు" అని లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లాను. ఒకరు, పాత ముచ్చట ఇప్పుడెందుకులే అన్నారు. ఒకరు చాయ్ పెట్టమని కేకేసి, విన్నాక చాయ్ సంగతే మరిచిపోయారు. ముత్తంగిలో బావ తమ్ముడు, మా అన్న అట్ల చెయ్యడని నాకు తెలుసు, కాని నవ్విన అన్నాడు. అన్ని ఇళ్లూ తిరిగి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. చెప్పవలసిన మాటకు ఏ ఇంట్లోనూ రెండు నిమిషాలు పట్టలేదు. ఇంజను కాలాక బావ బతికున్న పన్నెండేళ్లలో ఆ రెండు నిమిషాలు నాకు దొరకలేదు.