లైనుకు ఒక్కటే స్టూలు

నాచారం పారిశ్రామికవాడలో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీ ఒకటి ఉంది. అందులో మూడో లైను మీద పద్నాలుగు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఆ పద్నాలుగు మందికీ ఉన్నది ఒక్క స్టూలు. గుండ్రటి ఇనుప స్టూలు. పైన రెక్సిన్ చిరిగిపోతే అట్టముక్క పెట్టి, డబ్బాలకు వేసే టేపే చుట్టారు. దాని మీద కూర్చునే హక్కు కడుపుతో ఉన్న మనిషికి మాత్రమే. తక్కిన వాళ్లు ఎనిమిది గంటలూ నిలబడే, బెల్టు మీద వచ్చే మాత్రల షీట్లను అట్టపెట్టెల్లో సర్దాలి.

గోడకు ఒక మేకు, మేకుకు ఒక నీలం కార్డు కూడా ఉన్నాయి. ఆ కార్డు తీసుకున్న మనిషే బాత్రూముకు పోవాలి. ఆమె తిరిగొచ్చి కార్డు తగిలించేదాకా ఇంకొకరు కదలకూడదు. పోయేటప్పుడు గౌను, టోపీ, చెప్పులు మార్చాలి; వచ్చాక మళ్లీ మార్చాలి. అందుకే మూడో లైనులో ఎవరూ నీళ్లు తాగరు. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం కార్డు అక్కర్లేదు.

త్రివేణి ఆ లైనులో ఆరేళ్లుగా నిలబడి ఉంది. మోత్కూరు నుంచి పెళ్లయి వచ్చింది. మొగుడు ఉపేందర్ సాఫ్ట్‌వేర్ వాళ్లను పోచారం తీసుకుపోయే బస్సు నడుపుతాడు. ఉప్పల్ చిలుకానగర్‌లో రెండు గదుల ఇల్లు. ఒక్కతే కూతురు, రెండో తరగతి.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆమెకు పొత్తికడుపు ఎడమపక్క బరువు మొదలైంది. పిండని తడిబట్టను లోపల కుక్కినట్టు ఉండేది. నెలసరి గాడి తప్పింది. కడుపు ఉబ్బింది, చీర కుచ్చిళ్లు నిలవడం మానేశాయి. అన్నిటికన్నా ఘోరం, గంటకోసారి బాత్రూముకు పోవాల్సి వచ్చేది. మధ్యాహ్నంలోపే నాలుగుసార్లు నీలం కార్డు తీస్తే, సూపర్‌వైజర్ త్రిమూర్తులు ప్రతిసారీ గడియారం చూసేవాడు. ఆయనది గోదావరి వైపు. తిట్టడు. గడియారం చూస్తాడు, అంతే. అది తిట్టుకన్నా ఎక్కువ పనిచేసేది.

సెలవు పెట్టి ఈఎస్ఐ దవాఖానాకు పోయింది. స్కానింగ్‌కు ముందు బాగా నీళ్లు తాగి ఆపుకోమన్నారు. పక్కనున్న ఆడవాళ్లు ఉండలేక లేచి పోయి, మళ్లీ నీళ్లు తాగుతూ కూర్చున్నారు. త్రివేణి పళ్లు బిగించి గంటన్నర కదల్లేదు. "మస్తు ఓపికమ్మా నీకు," అని నర్సు మెచ్చుకుంది. ఆ విద్యలో తనకు కంపెనీయే గురువని త్రివేణి చెప్పలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి నిమ్మళంగా చెప్పింది. "అండాశయం మీద నీటి తిత్తి. ఏడు సెంటీమీటర్లు ఉంది. రక్తపరీక్షలో భయపడాల్సిందేమీ లేదు. ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది. ఆరు వారాలు చూద్దాం. మంచమెక్కి పడుకోకండి, రోజూ అరగంట నడవండి. బరువులు ఎత్తొద్దు, గెంతొద్దు. ఉన్నట్టుండి నొప్పి, వాంతులు వస్తే తిత్తి మెలిపడిందని అర్థం. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకుండా రండి."

ఇంతవరకు త్రివేణి తప్పేమీ లేదు. తప్పు మర్నాడు జరిగింది.

పొద్దున లైను మొదలైన గంటకే ఆమె కార్డు కోసం చెయ్యి చాపింది. త్రిమూర్తులు గడియారం చూడకుండా ఆమె కడుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమ్మా, విశేషమా? చెప్పొచ్చు కదా, ఎన్నో నెల?"

త్రివేణి తల వంచుకుంది. తిత్తి అన్న మాట ఒక మగవాడి ముందు నోటికి రాలేదు. గడ్డ అంటే మిగతా పదమూడు మందీ ఏమనుకుంటారో కూడా ఆమెకు తెలుసు. వంచిన తల ఎత్తి "కాదు సార్" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె ఎత్తలేదు. మన దగ్గర ఆడమనిషి తల వంచుకుంటే అవుననే లెక్క.

పక్కనే ఉన్న సుశీలమ్మ చేతిలో షీట్లు వదిలేసి చప్పట్లు కొట్టింది. "సూడు, ఎట్ల సిగ్గువడ్తుందో! ఏడేండ్ల తర్వాత మళ్ల నీళ్లోసుకుంది నా బిడ్డ. సారూ, చూస్తరేంది, స్టూలెయ్యున్రి!"

సుశీలమ్మకు యాభై రెండేళ్లు. నారపల్లి నుంచి వస్తుంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆ స్టూలు కోసం ఆమె మూడేళ్లుగా త్రిమూర్తులును అడుగుతూనే ఉంది. "మోకాళ్లకు రూల్లో లేదమ్మా," అని ఆయన జవాబు. అలాంటి మనిషి స్టూలును తన చేత్తో ఈడ్చుకొచ్చి, కొంగుతో తుడిచి, త్రివేణిని భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

కూర్చోగానే నడుములోంచి ఆరేళ్ల నొప్పి దిగిపోయినట్టయింది. ఆ సుఖం తలచుకుంటే త్రివేణి ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది. అంత సిగ్గులోనూ, అబ్బ, ఎంత హాయిగా ఉంది అనుకుంది.

రేపు చెబుతాను అనుకుంది. మర్నాడు ఒకామె పచ్చిమామిడికాయ ముక్కలు, ఉప్పూకారం తెచ్చింది. ఆ తర్వాతి రోజు సుశీలమ్మ చింతచిగురు పప్పు తెచ్చింది. డబ్బా మూత తీసి, తినేదాకా ఎదురుగా నిలబడింది. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాట బరువెక్కింది. ఏమైనా, మనిషికి తిత్తి ఉంటే నిలబెట్టి, బిడ్డ ఉందనుకుంటే కూర్చోబెట్టే రూలు రాసింది త్రివేణి కాదు. ఆమె ఆ మాటను ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నప్పుడల్లా సుశీలమ్మ మోకాళ్లు కనబడి ఆ మాట నిలవలేదు.

నడక మాత్రం మానలేదు. చిలుకానగర్ గల్లీలో ఊరికే అటూ ఇటూ నడిస్తే ఇంటింటికీ జవాబు చెప్పాలి. అందుకని పని దిగాక ఉప్పల్ చౌరస్తాలో రోడ్ల మీదుగా నడవడానికి కట్టిన స్కైవాక్ ఎక్కి, దాని మీదే నాలుగు రౌండ్లు వేసేది. కింద బస్సుల మోత, పైన మెట్రో. ఎవరి తొందర వాళ్లది. అక్కడ ఆమె ఎవరికీ ఏమీ కాదు. కడుపు మీద చెయ్యి లేకుండా, చేతులు ఊపుకుంటూ నడిచేది. రోజు మొత్తానికి ఆ అరగంటే ఆమెకు అబద్ధం లేని సమయం.

ఒకరోజు అక్కడే వెనకనుంచి కేక వినిపించింది.

"ఓ పిల్లా! కడుపుతోనున్నదానివి గింత జోరుగ నడుస్తవా? ఎవరు తరుముతున్నరే?"

సుశీలమ్మ. వరంగల్ వైపు బస్సెక్కడానికి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వస్తోంది.

"డాక్టరమ్మ నడవమన్నది పెద్దమ్మా," అంది త్రివేణి. అది నిజమే. అన్నాళ్లలో ఆమెతో చెప్పిన ఒకే ఒక నిజం.

"నడువు గని, మెల్లగ నడువు. ఇగో, శ్రీమంతానికి ఎవరొస్తున్నరు మీ దిక్కునుంచి? మీ అమ్మ లేకపాయె." కాసేపు ఊపిరి తీసుకుంది సుశీలమ్మ. "నేనే వెడ్త గాజులు. లాడ్ బజార్ పోయి తెస్త. ఫికర్ చెయ్యకు."

త్రివేణి తల వంచుకుంది. ఈసారి కూడా దాన్ని సిగ్గనే అనుకుంది సుశీలమ్మ.

నెల గడిచింది. లైనులో కొత్తగా పెళ్లయిన సంతోషికి నెల తప్పింది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల. తిన్నది తిన్నట్టు కక్కుకునేది. సుశీలమ్మ అడిగితే త్రిమూర్తులు చేతులెత్తేశాడు.

"ఉన్నది ఒక్క స్టూలండీ. త్రివేణి గారికి ముందు నెలలు నిండుతాయి. ఆవిడ కాన్పుకు వెళ్లాక ఈ అమ్మాయికి."

సంతోషికి కోపమే రాలేదు. భోజనాల దగ్గర త్రివేణి పక్కకు జరిగి కూర్చుని గుసగుసగా అడిగింది. "అక్కా, నీకు గూడ గిట్లనే వాంతులైనయా? నాకు మస్తు భయమైతుంది."

"మూడో నెల దాటితే తగ్గుతయిరా. పొద్దుగాల లేవంగనే రెండు మరమరాలు తిను," అంది త్రివేణి. కూతురప్పటి జ్ఞాపకంలోంచి చెప్పింది.

ఆ వారమే రెండో స్కాన్. తిత్తి పదకొండు సెంటీమీటర్లకు పెరిగింది. "ఇక చూసేది లేదు," అంది డాక్టరమ్మ. "వచ్చే బుధవారం ఆపరేషన్. మూడు చిన్న రంధ్రాలు పెట్టి తీస్తాం. నెల రోజులు సెలవు తీసుకోండి." కాగితం రాసిచ్చింది. అందులో జబ్బు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఆ కాగితం త్రిమూర్తులు చేతికి పోవాలి.

ఇంటికొచ్చి మొగుడికి మొత్తం చెప్పింది. తిత్తి సంగతి అతనికి తెలుసు, స్టూలు సంగతి తెలియదు. ఉపేందర్ చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఓ పని చెయ్. పోయిందని చెప్పు."

"ఏం పోయింది?"

"కడుపు. నిలవలేదని చెప్పు. ఎవరన్న కాగితం అడుగుతరా గసొంటి దానికి? సారుకు కాగితం లోపలికి మడిచి ఇయ్యి, ఆఫీసుల వడేస్తడు. ఆడోళ్లు రెండ్రోజులు ఏడుస్తరు, మరిచిపోతరు."

చెడ్డవాడు కాదు ఉపేందర్. భార్య పరువు కాపాడే దారి వెతికాడు, దొరికింది. అది మరీ సులువైన దారని త్రివేణికి తెలుసు. అయినా రాత్రంతా ఆ మాటనే నోట్లో తిప్పుకుంది. నిలవలేదు. పోయింది. ఏడవాల్సిన అవసరం కూడా లేదు, తల వంచుకుంటే చాలు. వాళ్లే ఏడుస్తారు.

మర్నాడు భోజనాల వేళ క్యాంటీన్‌లో అందరూ కూర్చున్నాక, "నేను రేపటిసంది వస్తలేను," అంది.

చేతులు ఆగిపోయాయి. సుశీలమ్మ అడిగింది. "ఏమైందే? మొకం గట్లున్నదేంది?"

"కడుపు..." అంది త్రివేణి. ఆ తర్వాతి మాట నాలుక చివరన ఉంది. అప్పుడు చూసింది సంతోషిని. ఆ పిల్ల అన్నం కలుపుతున్న చెయ్యి తీసి, ఎడంచెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. త్రివేణి చెప్పబోయేది ముందే విన్నట్టు, తనకే చెబుతున్నట్టు చూస్తోంది. రాత్రంతా తిప్పుకున్న మాట త్రివేణి నోట్లోనే చచ్చిపోయింది.

"నాకు కడుపే లేదు," అంది. "గడ్డ. నీళ్ల గడ్డ. బుధవారం ఆపరేషన్."

కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఎప్పటిసంది?" అంది సుశీలమ్మ.

"మొదటిసంది."

"సారు అడిగిననాడే నీకెరికేనా?"

"ఎరికే."

"మరి నేను దెచ్చిన చింతచిగురు పప్పు?"

"తిన్న."

చివర కూర్చున్న ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. సుశీలమ్మ నవ్వలేదు.

"స్టూలు కోసమా?"

"అవును పెద్దమ్మా."

"మూడేండ్లు అడిగిన నేను. నోరు తెరిచి అడిగిన, ఇయ్యలే. నువ్వు నోరు మూసుకోని కూసున్నవు." డబ్బా మూత పెట్టింది. అన్నం సగం అలాగే ఉంది. "రోగమొస్తే రోగమని చెప్పొద్దా? మేం మనుషులం కామా?"

త్రివేణి మొదటిసారి తల ఎత్తి, వాళ్లందరి ముఖాలూ చూసింది. వంచుకోవడమే ఎంతో సులువని అప్పుడు తెలిసింది. లేచి లోపలికి పోయి, స్టూలు తీసుకెళ్లి సంతోషి నిలబడే చోట పెట్టింది. మిగిలిన షిఫ్టంతా నిలబడి పనిచేసింది. మూడుసార్లు నీలం కార్డు తీసింది. త్రిమూర్తులు గడియారం చూశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తిత్తి తీసేశారు, అండాశయాన్ని కాపాడారు. పరీక్షకు పంపిన ముక్కలో ప్రమాదమేమీ లేదని వచ్చింది. రెండో రోజే నర్సు లేపి వరండాలో నడిపించింది. నెల తర్వాత త్రివేణి మూడో లైనుకు తిరిగొచ్చింది.

గోడకు కొత్త కాగితం అంటించి ఉంది. స్టూలు కావాలంటే డాక్టరు రాసిచ్చిన పత్రం తేవాలట. సంతోషి పత్రం కోసం ఒక రోజు పని పోగొట్టుకుని దవాఖానాలో కూర్చుందని తెలిసింది. గోడ మీది కాగితంలో త్రివేణి పేరు లేదు. కానీ ఆ లైను మీదికి వచ్చే ప్రతి ఆడమనిషీ ఇక ముందు దాన్ని చదువుతుంది. ఎందుకు పెట్టారని అడుగుతుంది. ఎవరో ఒకరు చెబుతారు.

సుశీలమ్మ ఆమెతో మాట్లాడలేదు. షీట్లు అందించాల్సి వచ్చినప్పుడు అందించేది, అంతే.

మళ్లీ నడక మొదలుపెట్టమంది డాక్టరమ్మ. త్రివేణి సాయంత్రం స్కైవాక్ ఎక్కింది. రెండో రౌండులో, మెట్ల దగ్గర దిమ్మె మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటున్న సుశీలమ్మ కనిపించింది. వెనక్కి తిరిగి రామంతాపూర్ వైపు దిగిపోవచ్చు. కాళ్లు ఆ పని చేయబోయాయి కూడా. చేయనివ్వలేదు. పోయి ఎదురుగా నిలబడింది.

సుశీలమ్మ కిందినుంచి పైకి చూసింది.

"కుట్లు మానినయా?"

"మానినయ్ పెద్దమ్మా."

"నొప్పి?"

"లేదు."

కింద వరంగల్ బస్సు హారన్ కొట్టింది. సుశీలమ్మ రెయిలింగ్ పట్టుకుని, మూలుగుతూ లేచింది. త్రివేణి చెయ్యి అందించబోతే పట్టుకోలేదు. రెండు మెట్లు దిగి ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"గాజులు తెచ్చిపెట్టిన ఇంట్ల. సంతోషికి వెడ్త ఏడో నెల్ల. నువ్వు గూడ రా."

"వస్త."

"వచ్చి నిలవడు. మా ఇంట్ల గూడ కుర్చీలు తక్కువే."