కొసరు పువ్వు

ఆ కాలంలో మా గద్వాలలో మనిషి పుట్టినందుకు కాగితం లేదు, పెళ్లయినందుకు లేదు, పోయినందుకూ లేదు. నీ వయసెంత అని ఎవరైనా అడిగితే, ప్లేగు వచ్చిన ఏడాది పాకుతుండేవాణ్నని చెప్పేవాళ్లం. ప్లేగు ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడం అడిగినవాడి పని. ఇత్తడి సామాను సంగతి మాత్రం వేరు. పెళ్లిలో పెట్టిన ప్రతి బిందె మీదా, ప్రతి చెంబు మీదా ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, ఆ సంవత్సరం పేరు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్లు. కొట్టేవాడు అక్షరాలు లెక్కపెట్టి కూలి తీసుకునేవాడు కనక మా కోమటిళ్లలో గిన్నెల మీద పేర్లు మరీ కురచగా ఉండేవి. (మా తాతది సగం పేరే ఉంది. మిగతా సగం ఏమిటో ఆయన పోయాక కర్మ చేయించిన పురోహితుడు అడిగితే గాని మాకు గుర్తు రాలేదు.) ఆ విధంగా మా వంశచరిత్ర అంతా వంటింటి అటక మీద బోర్లించి ఉండేది. దాన్ని చదవాల్సిన అవసరం చాలా ఏళ్లు ఎవరికీ రాలేదు. వచ్చే వేళకు అందులో ముఖ్యమైన పుటను నేను మారుబేరానికి ఇచ్చేసి ఉన్నాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. (అది అమ్మ లెక్క. నాయిన లెక్కలో ఇరవై ఒకటి. పిల్లనిచ్చేవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ అమ్మ లెక్కే చెప్పేవారు.) కిరాణా దుకాణంలో తక్కెడ ముందు పెరిగినవాణ్ని. ఏది కొన్నా పైన ఇంకొంచెం, అంటే కొసరు, రాబట్టకుండా లేచేవాణ్ని కాదు. బెల్లం కొంటే చిన్న ముక్క, కూరగాయలు కొంటే కరివేపాకు రెబ్బ. దవాఖానలో మందు పోస్తుంటే “జర ఎక్కువ పొయ్యండి సార్” అన్నానని ఊళ్లో చెప్పుకునేవారు. అది అబద్ధం. నేనడిగింది సీసాకున్న బిరడా. బజారంతా నన్ను కొసరోడు అని పిలిచేది. అదేదో బిరుదనుకుని ఛాతీ విరుచుకుని తిరిగాను.

మా ఇంట్లో ఒక మేనత్త ఉండేది, నాయినకు చెల్లెలు. ఏడో ఏట ఆమెను నాగర్‌కర్నూలు దగ్గరి ఒక పల్లెలో, దుకాణమున్న ఇంటికి ఇచ్చారు. ఆమె ఎనిమిదో ఏట పెళ్లికొడుకు కలరాతో పోయాడు. ఆయనను ఆమె చూసింది మూడంటే మూడు రోజులు, అందులోనూ సగం నిద్రలో. అత్తవారు ఆమెనూ, పెళ్లిలో తాము పెట్టిన ఇత్తడి బిందెనూ ఒకే బండిలో ఎక్కించి, “పెద్దదయినంక పిలిపిస్తం” అని పంపించారు. ఆ పిలుపు ముప్పైనాలుగేళ్లయినా రాలేదు. అత్తకు గాజుల్లేవు, బొట్టు లేదు, పండక్కి కొత్త చీర లేదు. ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే ఎదురుపడకుండా తనే దొడ్లోకి పోయేది. (చెప్పకుండానే పోతుందని మేమంతా ఆమెను మెచ్చుకునేవాళ్లం. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పుడు నాకు చెమట పడుతుంది.) పడక సరుకుల కొట్లో, జొన్న సంచుల మధ్య. ఆ కొట్టుకు బయట గొళ్లెం ఉంది, లోపల లేదు. తెల్లవారుజామున బేరమొస్తే ఎవరైనా తలుపు తోసుకుని ఆమెను దాటుకుంటూ వెళ్లి సంచి లాక్కొచ్చేవాళ్లం. “లోపట్నుంచి గొల్లెం పెట్టుకునేటి అర్ర ఒక్కటుంటే సాలురా నాకు” అనేది. జీవితంలో ఆమె అడిగింది అదొక్కటే.

ఆ బిందెను ఆమె చింతపండుతో తోమేటప్పుడు చూడాలి. చదువు రాదు. బొటనవేలితో అక్షరాల చుక్కలు తడుముతూ, “ఇది ఆయన పేరు, ఇది నా పేరు. నా పేరు కాడ ఒక సుక్క లోతుగ దిగింది సూడు” అనేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఇత్తడికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పాత ఇత్తడి తీసుకుని, తూకాన్నిబట్టి కొత్త సత్తు గిన్నెలిచ్చే వర్తకుడొకడు మా బజారులో దిగాడు. అత్త శివరాత్రికి అలంపూర్ పోయి ఉంది. నేను ఆ బిందెను భుజాన వేసుకుని వెళ్లి, ఒక పూటంతా బేరం చేసి, ఒకదాంట్లో ఒకటి ఇమిడే తళతళలాడే గిన్నెలు తెచ్చాను. పైన ఒక సత్తు గరిటె కొసరు. వర్తకుడు దండం పెట్టి, “అయ్యా, నీవు మల్ల నా దుకాణానికి రాకు” అన్నాడు. అంతకు మించిన పొగడ్త నేనెరగను.

అత్త తిరిగొచ్చి అటక చూసింది. “నా బిందె ఏదిరా?”

“అత్తా, ఎన్నొచ్చినయో సూడు! గరిటె ఊరికే ఇచ్చిండు!”

ఆమె ఒక సత్తు గిన్నె చేతిలోకి తీసుకుని, “ఊదితే ఎగిరిపోయేటట్టుంది” అని, దాన్ని ఉన్నచోటే పెట్టి లోపలికెళ్లింది. నేను మెచ్చుకోలు కోసం ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.

ఏడాది తిరగకుండా అటువైపు నుంచి కబురొచ్చింది. అత్త అత్తగారు పోయింది. ఇల్లూ వాకిలీ తన పేర చేయించుకోవడానికి మరిది సర్కారు కచేరిలో వంశవృక్షం దాఖలు చేశాడు. అందులో అన్న పేరు దగ్గర, ‘చిన్నతనంలోనే, పెండ్లి కాక మునుపే పోయినాడు’ అని రాయించాడు. (ఆ పెళ్లి లడ్లు తిని మూడు రోజులు కడుపు పట్టుకుని ఏడ్చిన పదేళ్ల పిల్లవాడు ఆయనే.) నాయిన ఆ కాగితం నకలు చదివి వినిపించాడు. అత్త గడపలో కూర్చుని విన్నది.

“పెండ్లే కాలేదంటనా?” అంది. “మరి నేను ముండమోసింది దేనికి అన్నా?”

ఆ ఇంట్లో ఒక అర్ర, తినడానికి జొన్నలు అత్తకు రావలసినవి. పెళ్లి రుజువైతే వస్తాయి. ఆ రుజువు తెచ్చే పని నేను నెత్తికెత్తుకున్నాను. వీధిలో ఏ వస్తువు పుట్టుపూర్వోత్తరాలైనా లాగేవాణ్ని, సొంత ఇంటి పుట్టుకలూ చావులూ పెళ్లిళ్లూ లాగలేనా అనుకున్నాను. రైలెక్కి వనపర్తి రోడ్డు దాకా, అక్కణ్నుంచి బండి మీదా తిరిగాను. పెళ్లి చేయించిన పురోహితుడు పోయాడు, కొడుకున్నాడు. ఆయనకు రెండు వైపులా చచ్చినవాళ్లందరి తిథులూ నోటికొచ్చు. ఏ ఏడాది అంటే మాత్రం, “తద్దినం ఏటా ఒక్కటే గదా నాయినా, ఏడాదితోని నాకేం పని?” అన్నాడు. మరి మా అత్త పెనిమిటి తిథి? “ఆ పిల్లగానికి తద్దినం పెట్టేటోళ్లెవరున్నరు? పెట్టనోళ్లది నాకెట్ల యాదికుంటది?” పెళ్లికి వచ్చిన పెద్దల్ని వెతికితే సగంమంది ప్లేగులో పోయారు. మిగిలినవాళ్లు మరిది దుకాణంలో ఖాతా ఉన్నవాళ్లు. ఒక ముసలమ్మ మాత్రం, “అయ్యో, కాకపోవుడేంది, పెద్ద పెండ్లి!” అంది. ఎగిరి గంతేశాను. కాసేపటికి ఆమె వర్ణిస్తున్నది తన పెళ్లేనని తెలిసింది.

వనపర్తిలో మా వకీలు సాయిబు పెద్దమనిషి, నిదానస్తుడు. అంతా విని గడ్డం నిమురుకున్నాడు. “కాగితం లేదు, సాక్ష్యం చెప్పెటందుకు గవా లేడు. పరేషాన్ కాకు బేటా. మీవోళ్లు పెండ్లిగిన్నెల మీద పేర్లు కొట్టిపిస్తరు గదా? అత్తగారింటోళ్లు పెట్టిన సామాను ఏదన్న ఉంటే పట్కరా. గంతకన్న పక్కా సబూతు ఏముంటది?”

“ఉంటది… చూస్త” అని లేచాను.

గద్వాల వచ్చి నేరుగా ఆ సత్తు వర్తకుడి దగ్గరికి పరుగెత్తాను. నన్ను చూడగానే గల్లాపెట్టె మీద చెయ్యేసుకున్నాడు. విషయం చెప్పాను. “ఆ బిందెనా? బండికెక్కి అప్పుడే పాయె. అదిప్పుడు తుపాకి గుండయ్యి ఉంటది. మీ అత్త పేరు ఏ దొరకు తగిలిందో ఏమో” అని నవ్వాడు. నేనూ నవ్వాను, బజారులో ఏడ్చే అలవాటు లేక.

అప్పుడు నాకు మహా తెలివైన ఆలోచన వచ్చింది. పెళ్లి నిజం, బిందె నిజం, పేర్లు నిజం. లేనిదల్లా ఇత్తడి. అటువంటిదే మరో పాత బిందె సంపాదించి, ఆ అక్షరాలే కొట్టిస్తే అందులో అబద్ధం ఎంత? పేర్లు కొట్టే ముసలాయన ఉలి పట్టాడు. పని పూర్తయ్యేసరికి నా నాలుక ఊరుకోలేదు.

“పెద్దాయనా, కొసరు?”

“పేర్లు కొడితే కొసరేందయ్యా? ఒక అక్షరం ఎక్కువ కొట్టాల్నా?”

“ఒక పువ్వు కొట్టు. నాలుగు సుక్కలే గదా!”

ముసలాయన విసుక్కుంటూ పేర్ల పక్కన ఎనిమిది రేకుల పువ్వు కొట్టాడు. నేను దాన్ని మసి, చింతపండు, బూడిదతో పదిరోజులు తోమి ముప్పై అయిదేళ్లు ముసలిదాన్ని చేశాను. వకీలుకు చెప్పలేదు, నాయినకు చెప్పలేదు. అత్తకు చూపిస్తే వేలితో తడిమి, “ఇది నాది గాదు” అంది. “నాదాంట్ల లోతు సుక్క ఉండె. ఇదేందిరా, పువ్వు?”

“ఊకో అత్తా. అర్ర కావాల్నా వద్దా?”

ఆమె బిందెను నా చేతికి తిరిగిచ్చింది.

కచేరిలో తీర్పు చెప్పే హాకిం బిందెను అటూ ఇటూ తిప్పి చూసి సరేనన్నట్టు తలూపాడు. వకీలు ముఖం వెలిగింది. మరిది లేచి బిందె ముందు కూర్చున్నాడు. ఆయనా నాలాంటి దుకాణదారుడే. పేర్ల జోలికి పోలేదు. పువ్వు మీద వేలు పెట్టి, “సర్కార్, మా నాయిన మా ఇంట్ల గిన్నెల మీద నా పేరు సగమే కొట్టిపిచ్చినోడు. ఆయన పువ్వు కొట్టిపిస్తడా?” అన్నాడు. అందరూ నవ్వారు. అంతటితో పోయినా బాగుండేది. ఆయన నా వైపు తిరిగి ఎంతో జాలిగా అన్నాడు: “పాపం పిల్లగానివి. పువ్వుకు బాగనే గుంజి ఉంటడు కొట్టినోడు నీ కాడ.”

“నా కాడ గుంజుతడా?” అన్నాను నేను. “ఊరికే కొట్టిపిచ్చిన!”

మా వకీలు కళ్లు మూసుకున్నాడు. మోసపోయాడన్న మాట పడలేక నిజం ఒప్పుకున్న ముద్దాయి మా జిల్లాలో నేనొక్కణ్నే అయి ఉంటాను. హాకిం నా వయసు చూసి తిట్టి వదిలేశాడు. దొంగ బిందె పుట్టాక అసలు పెళ్లిని నమ్మేదెవరు? వంశవృక్షంలో ఆ మాట అలాగే నిలిచింది. బయట బండిలో కూర్చున్న అత్తకు సంగతి చెప్పలేక చెప్పాను. “పువ్వు లేకుంటే అర్ర ఇచ్చేటోళ్లారా?” అని ఒక్కటే అడిగింది. నేను ఎద్దుల వైపు చూశాను.

మర్నాడు పొద్దున అత్త కొట్లోంచి నుదుట కుంకుమబొట్టుతో బయటికొచ్చింది. గుండ్రంగా, పెద్దది. అమ్మ చేతిలో చెంబు జారింది. “సర్కారోళ్లు నాకు పెండ్లి కాలేదన్నరు గదా” అంది అత్త. “కానిదానికి బొట్టుకేం తక్కువ?”

నాయిన లేచి మీదికొచ్చాడు. ఆమెకు పెళ్లయిందని కచేరిలో దావా వేసిన మనిషే. “తుడుసుకో ముందు! ఇయ్యాల పోరనికి పిల్లనిచ్చేటోళ్లు వస్తుండ్రు. ఇంటి పరువు తీస్తవా?” అత్త ఆయనను చూడలేదు. నన్ను చూసింది. ఆ చూపులో ఏం అడిగిందో నాకు బాగా తెలుసు. నేను ఒక్క మాట అంటే నాయిన తగ్గేవాడు, ఒక్కగానొక్క కొడుకుని. నేను బేరమాడాను.

“ఇయ్యాల ఒక్కదినం తుడుసుకో అత్తా. రేపు పెట్టుకుందువు.”

“దీంట్ల గూడ బేరమేనారా, కొసరోడా?” అంది మెల్లగా. కొంగుతో తుడుచుకుంది. వాళ్లొచ్చేవేళకు, చెప్పకుండానే, దొడ్లోకి పోయింది. ఆ రేపు మళ్లీ రాలేదు. మా పెళ్లి బాగా జరిగింది. అందరూ నా బేరాన్ని మెచ్చుకున్నారు. అత్త వంటల పందిరి వెనక ఉండిందట. నేను చూడలేదు. చూడ్డానికి వెళ్లలేదు.

దొంగ బిందెను మాత్రం ఆమె అడిగి తీసుకుంది. పోయేదాకా దాన్నే తోమింది, దాని చుక్కలే తడిమింది. నేను దుకాణం చేతికొచ్చిన రోజున మొట్టమొదట ఆ కొట్టు తలుపుకు లోపలివైపు గొళ్లెం పెట్టించాను. పావుగంట పని. ముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ తోచలేదు. అప్పటికి అత్త మంచం పట్టి ఉంది. లేచి గొళ్లెం పెట్టుకునే ఓపిక లేదు.

మొన్న మా మనవరాలు బడిలో వంశవృక్షం రాసుకు రమ్మన్నారని ఇంట్లో గిన్నెలన్నీ బోర్లించింది. కళ్లద్దాలు సర్దుకుని నేను పక్కన కూర్చున్నాను. ఆ బిందె దగ్గరికి వచ్చి అక్షరాలు కూడబలుక్కుని, అత్త పేరు పక్కన ఆయన పేరు రాసి, మధ్యన గీత గీసి కలిపింది. కచేరి ఇవ్వనిది ఆ పిల్ల పెన్సిలు ఇచ్చింది. మా వంశంలో ఆ పెళ్లికి రాతపూర్వకంగా మిగిలిన సాక్ష్యం నేను పుట్టించిన అబద్ధం ఒక్కటే. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను.

పిల్ల ఆ పువ్వును కూడా చూసి, పేర్ల మీద శ్రద్ధగా ఎనిమిది రేకులూ వేసి, “ఇదెందుకు కొట్టిచ్చిండ్రు తాతా?” అని అడిగింది.

“ఊరికే వచ్చిందమ్మా” అన్నాను. నవ్వొచ్చింది కూడా. అంత ఖరీదైనది మళ్లీ నా జన్మలో కొనలేదు.