గుడ్డలు కుక్కిన డ్రమ్ము

మొన్న వికారాబాద్‌లో తాండూరు ప్యాసింజర్ ఎక్కాం, నేనూ నా బిడ్డా. కిటికీ పక్కన సీటు దొరికిందో లేదో, అది సంచిలోంచి అరచేతంత ఆటపెట్టె తీసి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుని ఆడే ఆట ఏమిటా అని తొంగి చూశాను. తెరమీద ఒకేరకం అంగీలేసుకున్న ముగ్గురు బొమ్మ మనుషులు వరసగా నిలబడి పాడుతున్నారు. మొదటి ఇద్దరూ వాళ్లంతట వాళ్లే పాడుకుంటారు, మూడోవాడి గొంతు మాత్రం ఆడేవాళ్ల వేలికింద ఉంటుంది. వేలు కాస్త తడబడితే చాలు, ఆ ఇద్దరూ మెడలు తిప్పి మూడోవాణ్ణి కొరకొరా చూస్తారు. "గిది జపానోళ్ల తాళం ఆట గదనే?" అన్నాను. "నీకెట్ల తెలుసమ్మా? నువ్వు ఆడినవా?" అంది కళ్లు తెరవకుండానే. నేను ఆడలేదు. ఆడినవాళ్లను చూశాను.

పదిహేనేళ్ల పైమాట. ఇది అప్పుడు పాకుతోంది. కాన్పుకని తాండూరులో పుట్టింటికి వచ్చినదాన్ని, ఏవో సాకులు చెప్పి ఏడాది దాకా అత్తగారింటి మొహం చూడలేదు. మా నాయినది పెళ్లిళ్ల బ్యాండు మేళం. ఆదివారం పొద్దున చర్చిలో, మిగతా రోజులు ఎవరి బారాత్ ఉంటే వాళ్ల వాకిట్లో. దేవుడు ఒక్కడే గాని గిరాకీ అన్ని దేవుళ్లదీ ఉంటుందని అనేవాడు. ఆ ఏడాది సౌదీ నుంచి వచ్చిన మా మేనమామ, అక్కడ ఎవరో వదిలేసిపోయిన ఆటపెట్టె ఒకటి తెచ్చి నా బిడ్డ చేతిలో పెట్టాడు. పాకే పిల్లకు ఇదేం కానుకని అమ్మ నవ్వింది. నాయిన నవ్వలేదు. ఏదీ చూద్దామని చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ తిరిగివ్వలేదు.

ఆ పెట్టెలో తాళానికి తగ్గట్టు మీట నొక్కి ఆడే ఆట ఒక్కోటీ ఒక్కో కథ, అన్నీ చిత్రమైనవే. జపాన్ వాళ్లు ఏం తిని అల్లుతారో గాని, ఏ కథకూ మొదలుండదు, కారణముండదు. కోతులు చప్పట్లు కొడతాయి, ఎందుకని అడగకూడదు. ఉల్లిగడ్డకు వెంట్రుకలు మొలుస్తాయి, మనం పీకాలి. ఎవడో ఒకడు ఫ్యాక్టరీలో మరలు బిగిస్తూనే ఉంటాడు, ఆ తయారైన వస్తువు ఏమిటో ఎవరు కొంటారో వాడికీ తెలియదు. అందరూ తమ పనిని ఎంత గంభీరంగా చేస్తారంటే, ఆ ఉల్లిగడ్డ నున్నగా కాకపోతే రేపు పొద్దు పొడవదేమో అనిపిస్తుంది. చాలా కథల్లో ఒకే పోలిక ఉన్నవాళ్లు వరసగా నిలబడతారు, ఆ వరసలో చివరివాడు మనం, కాబట్టి తప్పు ఎప్పుడూ చివరివాడిదే. చావు లేదు, దొంగ లేడు, రాక్షసుడు లేడు. తాళం తప్పడం ఒక్కటే పాపం. ఆఖర్న తీర్పు వస్తుంది: 'మళ్లీ ప్రయత్నించు', 'పర్వాలేదు', 'భేష్'. అంతకుమించి వివరణ లేదు. ఒకే కథ దగ్గర పదేపదే బోల్తాపడితే మాత్రం చాయ్ దుకాణం ఆసామి ఒకడు వచ్చి, ఇది కష్టంగానే ఉందిలే, ముందుకు పో అని వదిలేస్తాడు. అన్ని కథల్లోనూ నాకు నచ్చినవాడు ఆ ఆసామి ఒక్కడే. నాయినకు వాడంటే మంట. "గిట్ల మాఫ్ చేస్కుంట పోతే ఎవడు నేర్చుకుంటడు?" అనేవాడు.

నెల తిరిగేసరికి మా ఇల్లే ఆ పెట్టెలాగా తయారైంది. అమ్మ పప్పులో ఉప్పెక్కువైతే నాయిన తీర్పు 'మళ్లీ ప్రయత్నించు'. నా బిడ్డ నిలబడబోయి పడితే 'పర్వాలేదు'. ఇంగ్లీషు అక్షరాలు నేను ఒకసారి చదివి చెబితే, వాటి ఆకారం గుర్తుపెట్టుకుని తానే చదివినట్టు ప్రకటించేవాడు. ఒకనాడు అమ్మ గంటె పళ్లెంలో పడేసి, "పప్పు వండింది నేను, జపానోడు గాదు. తింటే తిను, లేకుంటే లే" అంది. ఆయన తిన్నాడు. కానీ ఆ ఆట మా నాయినకు ఎందుకు పట్టిందో నాకు అప్పుడే తెలియాల్సింది. ఏళ్లుగా ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాటను ఆ పెట్టె మొహమాటం లేకుండా అనేస్తోంది. ఆ మాట మా పెద్దనాయిన గురించి.

పెద్దనాయిన అంటే మా నాయినకు సొంత అన్న. మేళం పెట్టింది ఆయనే, మా నాయిన చేతికి మొదట డ్రమ్ము కట్టెలిచ్చిందీ ఆయనే. సైడ్ డ్రమ్ము మెడకేసుకుని ఆయన తీన్మార్ కొడితే కాళ్లు లేనివాడు కూడా లేచి ఆడతాడని తాండూరు చుట్టుపక్కల చెప్పుకునేవారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఆయన నాపరాయి పాలిష్ మిషను దగ్గర పనిచేసేవాడు. ఆ మిషను ఇరవై ముప్పై ఏళ్లు మోగి మోగి ఆయన చెవుల్ని తినేసింది. దెబ్బ పడుతుంది గాని కాస్త వెనక పడుతుంది. మేళంలో కొత్తవాళ్లు ఎవరి దెబ్బ వెంట పోవాలో తెలియక ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవారు. పెద్దనాయినకు మాత్రం తెలియదు. ఆయన లెక్కలో అందరూ కాస్త తొందరపడుతున్నారు, అంతే. "గిప్పటి పిలగాండ్లకు ఓపిక లేదు" అనేవాడు. తీసేద్దామంటే తీసేయడానికి లేదు. మేళం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, "పెద్దాయన వస్తడు గదా?" అనే. మా నాయినకు అన్న మొహం కావాలి, చెయ్యి వద్దు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక మేళం వాళ్లందరినీ మా ఇంటి ముందు రేకుల కింద కూర్చోబెట్టి, నాయిన ఆ పెట్టెను చేతులు మార్పించాడు. ఇవాళ అందరికీ పరీక్ష అన్నాడు. అందరికీ కాదని అందరికీ తెలుసు. క్లారినెట్ ఆయన 'పర్వాలేదు' అయ్యాడు. బంట్వారం నుంచి కొత్తగా వచ్చిన డ్రమ్మరు 'భేష్' అయ్యాడు. పెద్దనాయిన వంతు వచ్చేసరికి ధోతికి చేతులు తుడుచుకుని, బైబిలు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఏది నొక్కాలో నేనే ఆయన బొటనవేలు పట్టి చూపించాను. ముగ్గురు పాటగాళ్ల కథ అది. మొదలైన రెండో క్షణంలోనే ఆ ఇద్దరూ మెడలు తిప్పారు. ఆయన తలెత్తి, "గీళ్లెందుకు నన్ను గట్ల చూస్తున్నరు?" అన్నాడు. రేకుల కింద ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ పోయింది, ఇంకా ఆడాడు. చివరికి చాయ్ దుకాణం ఆసామి వచ్చి వదిలేశాడు. ఇంగ్లీషు రాని పెద్దనాయినకు కనబడిందల్లా తలుపు తెరుచుకుని కొత్త కథ రావడం. "పాసైనట్టేనా తమ్మీ?" అన్నాడు. మా నాయిన ఆయన్ని చూడకుండా పెట్టె చేతిలోంచి తీసుకుని, "పాసే అన్నా" అన్నాడు. ఆ పెట్టెలో ఆసామి నయం, నీకు రాలేదని మొహం మీదే చెప్పి వదిలేస్తాడు.

ఆ వారంలోనే నాయిన పెద్దనాయిన డ్రమ్ము మరలు విప్పి, తోలు లేపి, లోపల గుడ్డలు కుక్కుతూ కనిపించాడు. "గిదేంది?" అంది అమ్మ. "అన్న ఉండాలె, సప్పుడు ఉండొద్దు" అన్నాడు. అమ్మ వద్దంటుందేమో అనుకున్నాను. లోపలికి పోయి ఇంకో పాత చీర తెచ్చి, ఒక్కటి సరిపోదని అక్కడ పెట్టింది. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందరూ పని తెలిసినవాళ్లు.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. ఎర్ర కోటు వేసుకుని, భుజాల మీద పసుపు కుచ్చులు ఊగుతుండగా, పెద్దనాయిన ఆ సీజనంతా కొట్టాడు. పక్కన బంట్వారం డ్రమ్మరు మోగిస్తుంటే, ఈయన చేతులు గాల్లో లేచి పడుతుంటే, చూసేవాళ్లకు రెండు డ్రమ్ములూ ఒక్కటే. మేళానికి మంచి పేరొచ్చింది. నాయిన పెట్టెను మరిచిపోయాడు. నా బిడ్డ దాన్ని నీళ్ల బకెట్లో వేసినప్పుడు కూడా ఏమీ అనలేదు.

అమ్మ తరఫు చుట్టాల పెళ్లి బషీరాబాద్‌లో అయితే, నేనూ అమ్మా కూడా మేళం వ్యాన్లోనే పోయాం. పొద్దున పెళ్లికొడుకు ఊరేగింపు. పెళ్లికొడుకు నాయినమ్మ వీధిలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. మేళం ఆమె ముందుకు రాగానే చెయ్యెత్తి ఆపింది. "జర ఆగుండ్రి. నా కొడుకు పెండ్లిల గీ అన్ననే కొట్టిండు. మనుమని పెండ్లిల గూడ గీయనే కొట్టాలె, ఒక్కడే కొట్టాలె. నేను ఆడత" అని, పక్కవాళ్ల భుజాలు పట్టుకుని లేచి నిలబడింది. జనం ఈలలు వేశారు. నాయిన ముందుకొచ్చి, "అమ్మా, అన్నకు పెయ్యి మంచిగ లేదు, పిలగాడు కొడ్తడు" అన్నాడు. "నువ్వు ఊకో" అంది ఆమె.

పెద్దనాయిన వరసలోంచి రెండడుగులు ముందుకు వచ్చాడు. మొదటి దెబ్బ కొట్టాడు. ఎండలో వేసిన బొంతను దులిపినట్టు 'తప్పు'మంది. ఇంకోటి కొట్టాడు, అదీ అంతే. అప్పుడు కట్టెలు తిప్పి, డ్రమ్ము అంచు ఇనుము మీద కొట్టడం మొదలుపెట్టాడు. సప్పుడు వచ్చింది. కానీ తాళం రాలేదు. ఆ ముసలమ్మ ఎత్తిన కాలు దెబ్బ కోసం ఎదురుచూసి, ఆగలేక కింద పడేది. అది పడ్డాక దెబ్బ పడేది. ఆమె ఇంకో అడుగు వేయబోయి తూలింది. పట్టుకుని కూర్చోబెట్టారు. పెళ్లివారిలో ఒకతను, "ఆడలేక మద్దెల ఓడంటరు, గీడ నిజంగనే మద్దెల ఓడు" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. మా నాయిన వాళ్ల నవ్వులో కలిసి, చేతులు జోడించి, "ముసలాయనకు చెవులు వోయినయి. ఇంట్ల కూసోమంటే ఇనడు" అని, క్లారినెట్ ఆయనకు సైగ చేశాడు. మేళం అందుకుంది. పెద్దనాయిన వెనక్కి నడిచి వరసలో తన చోట నిలబడి, పెళ్లిపందిరి దాకా ఆ గుడ్డల మీదనే కొట్టాడు. ఒక్క చోట కూడా ఆపలేదు. నా చంకలో పిల్ల ఏడుస్తుంటే దాన్ని ఊకోబెట్టే వంకతో నేను మొహం తిప్పుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వ్యాను కంది చేలు దాటుతుండగా నాయిన, "ఇజ్జత్ దీసినవ్ అన్నా" అన్నాడు.

పెద్దనాయిన డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "మొదటి దినమే తెలిసింది తమ్మీ" అన్నాడు. "కొడితే కట్టె మళ్ల పైకి లేస్తలేదు. చెవులకు తెల్వకుంటే చేతికి తెల్వదా?"

అమ్మ తల వంచుకుంది. నాయిన మాత్రం వంచుకోలేదు. "తెలిసి ఇన్ని దినాలు ఎట్ల కొట్టినవ్ మరి?"

"వరుసల నిలబెట్టినవ్ గదా. గంతే చాలనుకున్న."

నాయిన కిటికీలోంచి బయటికి చూస్తూ, "రేపట్నుంచి రాకు" అన్నాడు. వ్యాను నడిపేవాడు కూడా వినబడనట్టే నడిపాడు. నా తండ్రిని నేను ఆ రోజు అసహ్యించుకున్నాను. ఆ అసహ్యం ఎక్కువ రోజులు నిలవకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన పెట్టిన అన్నమే గదా నేనూ నా బిడ్డా తింటున్నది.

వారం తర్వాత ఎర్ర కోటు పట్టుకురమ్మని నాయిన నన్ను పంపాడు. నాకు కుట్టుమిషను వచ్చు, బంట్వారం డ్రమ్మరుకు సరిచేయాలి. పెద్దమ్మ అప్పటికే కోటు ఉతికి, ఇస్త్రీ చేయించి, కుచ్చులు దువ్వి మడతపెట్టి ఉంచింది. ఎందుకొచ్చానని నన్ను అడగలేదు, చాయ్ పోసిచ్చింది. పెద్దనాయిన కోటు విప్పి భుజాలు పట్టుకుని ఎత్తి చూపించాడు. "గా పిలగాడు సన్నగుంటడు బిడ్డా. నడుము కాడ తగ్గియ్యి. సంకల కాడ మాత్రం జర వదులు ఉంచు, చేతులు పైకి లేపితే గుంజుతది" అన్నాడు. ఆయన చెప్పినట్టే కుట్టాను. పిల్లవాడికి అచ్చు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తరువాతి పెళ్లిలో పెద్దాయన ఏడని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో, ఆ తరువాతి దాంట్లో ఎవరూ అడగలేదు.

పెద్దనాయిన ఇంకొన్నేళ్లు బతికాడు. ఆయన్ని మట్టి చేసే రోజున మేళం పెట్టించాడు మా నాయిన, తనే ముందు నడిచాడు, ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు అబద్ధం కాదని నాకు తెలుసు, అందుకే ఆయన్ని క్షమించడం ఇంకా కష్టం. కాలం ఎవరికోసమూ ఆగదని అందరూ అంటారు. ఆగదు, నిజమే. కానీ వెనకబడ్డవాణ్ణి వరసలోంచి తప్పించే పని కాలం తన చేత్తో చేసుకోదు, దానికి ఇంటివాళ్లు ఉంటారు.