కొరియా పిల్లగాడికి రాయచూరు ఫ్లెక్సీ

రాయచూరులో నాకు ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం ఉంది. అంటే ఈ జిల్లాలో పుట్టినరోజు చేసుకునే పెద్దమనుషులందరి మొహాలూ తెల్లగా చేసే పని నాది. సిరవార నుంచి ట్రాక్టర్ల షోరూం ఆయన వస్తాడు, మస్కి నుంచి ఏదో సంఘం అధ్యక్షుడు వస్తాడు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట అంటారు: "మొఖం జర్ర సాఫ్ చెయ్యి." నేను మచ్చలు తీసేస్తాను. గడ్డం కింద వేలాడేదాన్ని కోసేస్తాను. జుట్టు లేనివాళ్లకు జుట్టు పెట్టి, అడిగినవాళ్లకు పక్కన ఒక సింహాన్ని కూడా నిలబెడతాను. ఇంత చేసేవాడిని కాబట్టి, మనుషుల్ని తయారుచేసి అమ్మే విద్యలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మా అమ్మాయి ఫస్ట్ పీయూసీ, అంటే ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. మాట తక్కువ పిల్ల. బడికి వెళ్లినన్నాళ్లూ ఇంటికి ఒక్క స్నేహితురాలిని తీసుకొచ్చింది లేదు. సెలవు రోజుల్లో నా దుకాణానికి వచ్చి మూలనున్న కుర్చీలో కూర్చునేది, పొద్దుగూకాక లేచి ఇంటికి వచ్చేది. బుద్ధిమంతురాలని నేను మురిసిపోయేవాణ్ని. వాళ్లమ్మ మాత్రం, "పోరి ఒక్కతే అయిపోయింది, నీకు కనిపిస్తలేదా?" అని గొణిగేది. నాకు నిజంగానే కనిపించలేదు.

కాలేజీలో చేరాక ఆ పిల్లకు కొరియా పాటల బృందం ఒకటి పట్టుకుంది. అయిదుగురు కుర్రాళ్లు. బృందం పేరు చెప్పను, చెప్పబోయినా నా నోరు తిరగదు. ఒకడికి గులాబీ రంగు జుట్టు, ఒకడికి నీలం జుట్టు. చర్మం మీద ఒక్క మచ్చ లేదు. చూడగానే నాలోని పనివాడు లేచి కూర్చున్నాడు. ఎవడు చేశాడో గానీ మహా శుభ్రంగా చేశాడనిపించింది.

మా అమ్మాయి ఒకరోజు ముచ్చట పడి వాళ్ల సంగతులన్నీ చెప్పింది. పాటల డబ్బా కొంటే అందులో అట్టముక్క మీద ఒక కుర్రాడి ఫోటో వస్తుందట. అయిదుగురిలో ఎవరిది వస్తుందో విప్పేదాకా తెలియదట. తనకు నచ్చినవాడిది రాకపోతే మళ్లీ కొనాలి, లేదా ఇంకో పిల్లతో మార్చుకోవాలి. ఒకడు సిగ్గరి, ఒకడు అల్లరివాడు, ఒకడు అందరికీ అన్నలాంటివాడు. అప్పుడప్పుడు ఫోన్లో ప్రత్యక్షంగా కనిపించి, మీరు అన్నం తిన్నారా, మీరంటే మాకు ప్రాణం అంటారట. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం నా వంట్లో లేదు.

"అదంతా కంపెనీ తయ్యార్ చేసిన సరుకు బిడ్డా," అన్నాను. "నీ వయసు పిల్లలకు ఏం కావాల్నో ముందే చూసుకొని, సిగ్గోడు ఒకడు, లొల్లిగాడు ఒకడు అని పెట్టిన్రు. ప్రేమ గీమ ఏం లేదు. నీ చెవిల పువ్వు పెడుతున్నరు."

ఆ పిల్ల కంప్యూటర్ మీద నేను సగంలో ఆపిన పని వైపు చూసింది. ఒక కాంట్రాక్టరు మొహానికి బుగ్గలు తగ్గిస్తున్నాను. పక్కన సింహం అప్పటికే సిద్ధంగా ఉంది.

"మరి నువ్వు చేసేది ఏంది నాయినా?" అంది.

నా గాలి తీసేసింది. "ఇది వేరే," అన్నాను. ఎలా వేరేనో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

కొన్నాళ్లకు వాళ్ల కొత్త పాట విడుదలైంది. పాట వచ్చిన వారంలో ఎన్నిసార్లు వినబడితే అంత గొప్పట. అభిమానులంతా పూనుకుని దాన్ని ఆడిస్తూ ఉండాలట. కంపెనీ పైసా ఖర్చు లేకుండా ప్రపంచంలోని పిల్లలందరినీ పనిలో పెట్టుకుంది. నా దగ్గర అంత తెలివి ఉంటే ఈపాటికి బెంగళూరులో ఉండేవాణ్ని. మా అమ్మాయి నా ఫోన్లో, దుకాణంలోని కంప్యూటర్లలో ఆ పాట వీడియో పెట్టి, "బంద్ చెయ్యకు, సౌండు తగ్గించకు," అని ఆజ్ఞ వేసి కాలేజీకి వెళ్లిపోయింది. ప్రింటింగ్ మిషన్ రొద, దాని మీద ఆ పాట. ఫ్లెక్సీల కోసం వచ్చినవాళ్లు, "ఇదేంరీ, ఏ భాషరీ ఇది?" అని అడిగేవాళ్లు. కూతురి కోసం పడుతున్న శిక్ష అని చెప్పేవాణ్ని. వారం దాటాక కూడా పాట ఆడుతూనే ఉంది. ఆపడం మరిచిపోయానని ఇంట్లో చెప్పాను.

ఈ పిచ్చి వల్లే మా అమ్మాయికి ముగ్గురు స్నేహితురాళ్లు దొరికారు. తన బ్యాగుకు వేలాడే బొమ్మను చూసి ఒక పిల్ల పలకరించిందట. ఆ పిల్ల తండ్రికి గంజ్‌లో, అంటే మార్కెట్ యార్డులో, పత్తి దలాలీ దుకాణం. ఆమె వెంట ఇంకో ఇద్దరు చేరారు. నలుగురూ క్యాంటీన్లో కూర్చుని అట్టముక్కలు మార్చుకునేవారు. మా ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర మొదటిసారి, "మా ఫ్రెండు ఏమన్నదంటే" అనే మాట వినిపించింది. వాళ్లమ్మ పెరుగు వడ్డిస్తూ ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది కూడా. నేను చూడనట్టు ఊరగాయ కలుపుకున్నాను.

ఇంతలో గులాబీ జుట్టు కుర్రాడి పుట్టినరోజు వచ్చింది. ఎక్కడి కుర్రాడో, వాడి పుట్టినరోజుకు ఇక్కడ మా వీధి బేకరీలో నలుగురు పిల్లలూ కేకు కోసి టీ తాగుతారట. అభిమానుల్లో అదొక ఆచారం. టీ కప్పుల చుట్టూ వాడి బొమ్మ ఉన్న కాగితం చుట్టాలి. మా అమ్మాయి దుకాణానికి వచ్చి, చాలా మొహమాటపడుతూ, ఆ కాగితాలు ప్రింటు చేసిస్తావా అని అడిగింది.

"గంతేనా?" అన్నాను.

"గంతే చాలు నాయినా. ఇంకేం చెయ్యకు."

ఈ రెండో ముక్క నాకు వినిపించింది. వినిపించినా, మొహమాటం కొద్దీ అంటోందనుకున్నాను. మా దగ్గరకొచ్చే నాయకులు కూడా, "ఎందుకయ్యా నాకు ఫ్లెక్సీలు," అంటూనే సైజు ఎంతుండాలో చెబుతారు. పిల్ల నోరు తెరిచి అడగలేకపోతోంది, తండ్రిగా నేనే అర్థం చేసుకోవాలి అనుకున్నాను. అర్థం చేసుకున్నాను.

ఆ ఫ్లెక్సీ మీద పెట్టిన శ్రద్ధ నేను ఏ ఎమ్మెల్యే మీదా పెట్టలేదు. మధ్యలో గులాబీ జుట్టు కుర్రాడు, వెనక కిరణాలు, రెండు పక్కలా పావురాలు. పైన కన్నడంలో, కింద తెలుగులో శుభాకాంక్షలు. మా ఊళ్లో ఫ్లెక్సీకి ఒక పద్ధతి ఉంది. శుభాకాంక్షలు చెప్పేవాళ్ల మొహాలు అడుగున గుండ్రాల్లో వరసగా ఉండాలి. ఎవరి మొహమైనా వదిలేస్తే ఇక అంతే, బావమరుదులు మాట్లాడుకోవడం మానేస్తారు. అలాంటి తగాదాలు నా దుకాణంలో ఎన్నో చూశాను. అందుకని మా అమ్మాయి స్టేటస్‌లో పెట్టుకున్న ఫోటోలోంచి నలుగురు పిల్లల మొహాలూ కత్తిరించి, ఒక్కొక్కరినీ తెల్లగా చేసి, పేర్లతో సహా పెట్టాను. ఏ పిల్లా చిన్నబుచ్చుకోకూడదని గుండ్రాలు కొలిచి మరీ సమానంగా వేశాను. ఎడమ పక్కన నన్ను నిలబెట్టుకున్నాను. తల నాదే, తెల్ల ఖద్దరు చొక్కా వేసుకున్న వొళ్లు మాత్రం కంప్యూటర్లో ఉన్నది. అందరికీ అదే వొళ్లు వాడతాను.

పుట్టినరోజు తెల్లవారాక బేకరీ ఎదురుగా స్తంభాలకు కట్టించాను. మధ్యాహ్నం మా అమ్మాయిని స్కూటర్ మీద తీసుకొచ్చి సరిగ్గా దాని ముందు ఆపాను. వెనక నుంచి చప్పుడు లేదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను. దిగి చూస్తే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తీసెయ్," అంది.

"ఏమైంది బిడ్డా? మొఖాలు మంచిగనే వచ్చినయ్ కద."

"వాళ్లిండ్లల్ల తెల్వదు నాయినా. కాలేజీల రికార్డులు రాస్తున్నమని చెప్పి వస్తున్నరు." ఫోన్ చూసుకుంది. "పత్తి దుకాణం పిల్ల వాళ్ల నాయిన గంజ్‌కు పోతుంటే చూసిండంట. అది రాదంట. అది రాకుంటే మిగిలినోళ్లు గూడ రారు. ఎవరడిగిన్రు నిన్ను?"

"అందరి మొఖాలు పెట్టాల్నని..."

"నీ మొఖం పుట్టినరోజు పిల్లగాడి మొఖం కన్న పెద్దగుంది. నీ దుకాణం నంబరు మా అందరి కన్న పెద్దగుంది. నీ అడ్వర్టైజ్‌మెంటు కోసం మమ్ముల పెట్టినవ్."

తలెత్తి చూశాను. నంబరు నిజంగానే పెద్దగా ఉంది. ప్రతి ఫ్లెక్సీ కింద వేస్తాను గనక చెయ్యి దానంతట అదే వేసేసింది. కొరియా కంపెనీ పిల్లల ప్రేమను అమ్ముకుంటోందని ఉపన్యాసం ఇచ్చినవాణ్ని నేనే. ఆ కంపెనీ అయినా వాడి మొహం కన్న తన నంబరు పెద్దగా వేసి ఉండదు. నాకు తల కొట్టేసినట్టయింది.

బేకరీ వాళ్ల స్టూలు అడిగి తీసుకుని, ఎక్కి, తాళ్లు విప్పడం మొదలుపెట్టాను. కింద జనం మూగారు. గులాబీ జుట్టాయన ఏ వార్డుకు నిలబడుతున్నాడని ఒకాయన అడిగాడు. అప్పుడే ఎందుకు దింపుతున్నావ్, టికెట్ రాలేదా అని ఇంకొకాయన. నేను నా మొహాన్ని నేనే చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను. లోపల మా అమ్మాయి కేకు ముందు ఒక్కతే కూర్చుంది. నాలుగు కప్పులకూ కాగితాలు చుట్టి, నాలుగు కుర్చీల ముందు పెట్టి ఉన్నాయి. బడి రోజుల్లో నా దుకాణం మూలన కూర్చున్నట్టే కూర్చుంది. అప్పుడు కనిపించనిది నాకు ఇప్పుడు కనిపించింది.

"లే," అన్నాను. "వాళ్లింటికి పోదాం."

"ఎందుకు, ఇంకింత చెడగొట్టనీకా?" అంది. అయినా లేచింది. పోవడానికి వేరే చోటేమీ లేదు కదా.

దలాలీ ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బర్రి, కూసోండి," అని కన్నడం కలిపి రమ్మన్నాడు గానీ మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఎవరో పంపిన నా ఫ్లెక్సీ ఫోటో ఫోన్లో చూపించాడు. "ఏందండీ ఇది? మా పిల్లను ఏ సంఘంల చేర్పించిన్రు? ఎవడీ పిల్లగాడు? గంజ్‌ల అందరు నన్నే అడుగుతున్నరు."

మా అమ్మాయి నేల చూస్తోంది. లోపలి గది తలుపు సందులో ఒక చున్నీ కొంగు కనిపించింది. ఇంకేం ఆలోచించలేదు, నోటికొచ్చింది అనేశాను.

"పిల్లలకు ఏం సంబంధం లేదండీ. అభిమానిని నేను. నాకే ఆ పిల్లగాడి పాటలంటే పిచ్చి. ఫ్లెక్సీ నిండాల్నని మా బిడ్డ ఫ్రెండ్స్ మొఖాలు అడగకుండ పెట్టిన. తప్పు నాది."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. పొట్ట దగ్గర కాసేపు ఆగాడు.

"మీరా?"

"నేనే."

"అయితే ఒకటి పాడండి, విందాం."

దొరికిపోయానురా దేవుడా అనుకుని నోరు తెరిచాను. పాట వచ్చేసింది. ఒక్క ముక్కకూ అర్థం తెలియదు, అయినా మొదటి చరణం నుంచి నీళ్లలా వచ్చేసింది. మధ్యలో నీలం జుట్టువాడు గబగబా మాట్లాడే భాగం ఉంటుంది, అదీ వచ్చింది. చివర్లో వాళ్లంతా వేళ్లు చెంపకు ఆనించి తల వంచుతారు. నా చేతులు వాటంతటవే ఆ పనీ చేసేశాయి. నేను అబద్ధమనుకునే చెప్పాను. తీరా చూస్తే అది అబద్ధం కాదు. వంటింట్లోంచి ఆయన భార్య గరిటెతో సహా వచ్చి నిలబడింది. తలుపు సందులోని చున్నీ నవ్వు ఆపుకోలేక వణుకుతోంది.

దలాలీ ఆయన ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి వైపు తిరిగాడు.

"చూడు బిడ్డా. పాటలు గీటలు ఏమున్నా మా ఇంట్ల కలుసుకోండి. మేడ మీద రూము ఖాళీగుంది. బేకరీలు, రోడ్లు వద్దు." తర్వాత నన్ను చూశాడు. "ఈయన మాత్రం రావొద్దు."

"సరే అంకుల్," అంది మా అమ్మాయి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు ఆదివారాలు నేనే స్కూటర్ మీద దింపి వస్తున్నాను. గేటు దాకా కూడా వద్దట, మూల మలుపు దగ్గరే ఆపాలట. దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. మొదటి ఆదివారం నేను వెంటనే కదల్లేక అక్కడే ఉండిపోయాను. కాసేపటికి మేడ మీది కిటికీలోంచి పాట మొదలైంది, దాని మీద ఆడపిల్లల నవ్వులు. అందులో మా అమ్మాయి నవ్వు ఏదో పోల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.