ఎడమ వైపు పగుళ్ళు

నాన్న బండికి మొదటి పగులు సైడు ప్యానెల్ మీద వచ్చింది. ఎడమ పక్క సీటు కింద, నిలువునా రెండు ముక్కలు. ఏమైందని అడిగితే, బంటుమిల్లి సెంటర్లో ఎవడో సైకిల్‌తో గుద్దాడన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. పైగా లోపల కొంచెం సంబరంగా కూడా ఉంది. పగుళ్ళు పూడ్చడం నా వృత్తి మరి. బందరు హార్బరు పక్కన ఫైబర్ బోట్లు బాగుచేస్తాను. సముద్రంలో రాళ్ళకు కొట్టుకుని అడుగు చీలిన బోట్లనే మళ్ళీ నీళ్ళలోకి దింపేవాణ్ణి, అరచెయ్యంత ప్లాస్టిక్ ముక్క నాకొక లెక్కా?

బోటుకు చేసినట్టే చేశాను. ఉప్పుకాగితంతో రుద్ది, ఫైబర్ మ్యాట్ ముక్క కత్తిరించి పెట్టి, రెజిన్‌లో హార్డనర్ కలిపి రెండు పూతలు పూసి ఎండబెట్టాను. ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదని నాన్నతో గొప్పగా చెప్పాను. మర్నాడే బంటుమిల్లి దారిలో ఆ పూతంతా అరటి తొక్కలాగా ఊడి వచ్చేసింది. మెకానిక్‌కి చూపిస్తే పగలబడి నవ్వాడు.

"బోటు మందు దీనికెక్కడ పట్టుద్దండీ? ఆ ప్లాస్టిక్ వేరు, ఈ ప్లాస్టిక్ వేరు. మీ హార్బరోళ్ళంతా ఇదే పని చేసి నా దగ్గరకొస్తారు!"

కొత్త ప్యానెల్ కొందామనుకుంటూ ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర మేకు కాలుస్తోంది. ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన. పగులుకు అటూ ఇటూ వరసగా బెజ్జాలు పెట్టి, వల అల్లే సూదితో, నైలాను దారంతో ఆ రెండు ముక్కల్నీ కుట్టేసింది. చిరిగిన వలకు వేసే ముడులే. లాగి చూశాను, కదల్లేదు. ఇరవై ఏళ్ళ అనుభవం అమ్మ సూది ముందు బోర్లా పడినందుకు నాకు ఒళ్ళు మండింది.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. వారం తిరక్కుండా హెడ్‌లైట్ చుట్టూ ఉండే డూమ్ పగిలింది. ఎడమ పక్కే. ఆ తర్వాత ఎడమ ఇండికేటర్. మళ్ళీ అదే సైడు ప్యానెల్, కుట్టు పక్కన ఇంకో చోట. ప్రతిసారీ సాయంత్రానికి కొత్త కుట్లు కనపడేవి. ఒకసారి నాన్న మేక అడ్డమొచ్చిందన్నాడు. అదే సంగతి అమ్మనడిగితే, స్టాండు వేసి ఉంటే గాలికి పడిందంది. మేకేంటి, గాలేంటి? ఇద్దరూ ఒకేసారి అబద్ధమాడుతున్నారని తెలుస్తోంది కానీ ఎందుకో తెలియడం లేదు.

నాకున్న అనుమానం ఒక్కటే. షుగరు వల్ల నాన్నకు చూపు తగ్గుతోంది. నీళ్ళు గ్లాసులో కాకుండా పక్కన పోస్తున్నాడు. అడిగితే డాక్టరు చుక్కల మందిచ్చాడు, తగ్గిపోద్ది అంటాడు. ఆ మనిషే రోజూ పొద్దున్న వెనకాల అమ్మనీ, చేపల గంపనీ పెట్టుకుని బంటుమిల్లి పోతాడు. ఒక పక్క లారీలు, ఇంకో పక్క కాలవ. ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాణ్ణి. ఇద్దరూ కాలవలో పడ్డారని చెప్పడానికే ఎవరో చేస్తున్నారనిపించేది.

అయితే ఒకటి మాత్రం అంతుపట్టేది కాదు. అన్నిసార్లు పడినవాడికి ఒంటి మీద గీత కూడా లేదు. అమ్మ ఎడమ కాలికి కట్టు ఉంది. అడిగితే, మెట్టు తగిలిందంది. మా ఇంటికి మెట్లే లేవు. అది కూడా నాకు తర్వాతెప్పుడో తట్టింది.

చివరికి తెగించి చెప్పేశాను. బండి అమ్మేస్తున్నాను, గుడివాడ నుంచి ఒకతను ఆదివారం వస్తానన్నాడు అని. నాన్న తల దించుకున్నాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"గంప చూస్తే ఆటోవాళ్ళు ఆపరురా. వాసనంటారు. పాతికేళ్ళ నుంచి నా కోసం చూసే ఇళ్ళున్నాయి. వాళ్ళకేం చెప్పమంటావు?"

"నువ్వు బతికుంటే తర్వాత చెబుదువుగాని" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం, బండి కడిగి ఉంచుదామని ఇంటికొస్తే బండీ లేదు, వాళ్ళిద్దరూ లేరు. ఉప్పు మడుల వైపు వెళ్ళారని పక్కింటి పిన్ని చెప్పింది. ఆ ఎండలో, చేపలు లేకుండా, అక్కడేం పని? పరుగులాంటి నడకతో వెళ్ళాను.

మడుల పక్కన చదునైన ఖాళీ నేల మీద బండి గుండ్రంగా తిరుగుతోంది. ముందు అమ్మ కూర్చుని ఉంది. చీర గోచీ బిగించి, పళ్ళు కరుచుకుని. వెనకాల నాన్న కళ్ళు మూసుకుని, ఇంజిను చప్పుడు వింటూ అరుస్తున్నాడు.

"గేరు మార్చు! ఏడుస్తంది వినపడట్లా? క్లచ్ ఒక్కసారే వదలమాకు!"

కళ్ళ ముందున్నది కూడా నా బుర్రకెక్కలేదు. ఇది మా అమ్మేనా? నన్ను చూసి అమ్మ గాభరాపడి బ్రేకు నొక్కింది. ఎడమ కాలు ఆనించబోతే నేల అందలేదు. బండి మెల్లగా ఎడమ పక్కకు ఒరిగి పడింది. ఆ పడడంతో అన్ని పగుళ్ళ సంగతీ ఒక్క దెబ్బకు అర్థమైపోయింది.

ఉరికి వెళ్ళి లేపబోతే అమ్మ నా చెయ్యి తోసేసి, కిందే కూర్చుని జాకెట్లోంచి మడత పెట్టిన కాగితం తీసింది. అమ్మ ఫొటో ఉన్న ఎల్.ఎల్.ఆర్. అది, బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు.

"నెలయ్యింది వచ్చి. నీకు చెబితే వద్దంటావు. అంతకు ముందే డాక్టరు చెప్పేశాడురా, ఆ చూపింక రాదని. అందుకే వీధి మలుపు తిరగ్గానే బండి నేనందుకుంటున్నాను. పో, ఆ గుడివాడాయన్ని రావద్దని చెప్పు."

నాన్న కళ్ళ విషయంలో నేను అనుకున్నదే నిజమైంది. నిజమైనా ఏమాత్రం సంతోషం కలగలేదు. మిగతాదంతా, నా ఇంట్లో నా కళ్ళ ముందే జరుగుతున్నదంతా, నాకు తెలియనే తెలియదు.

గుడివాడ అతనికి అక్కణ్ణుంచే ఫోన్ చేసి రావద్దన్నాను. బండి ఇంటికి తెచ్చాక, మళ్ళీ పగిలిన సైడు ప్యానెల్ ఊడదీశాం. అమ్మ మేకు కాల్చి బెజ్జాలు పెట్టింది. సూది మాత్రం నాన్న అందుకున్నాడు. అప్పుడు చూశాను. ఎడమ బొటనవేలితో తడిమి, బెజ్జం దొరికాక అందులోకి సూది దూరుస్తున్నాడు. ముడి ఒక్కటి కూడా తప్పలేదు. ఇన్నాళ్ళూ అవి అమ్మ కుట్లనుకున్నాను. పాత ముడులన్నీ ఇదే వాటం, మొదటిది తప్ప అన్నీ నాన్నవే.

 ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"అమ్మ వెనకాల కూర్చుంటే భయమెయ్యట్లేదా నాన్నా?"

"నాకేం కనపడి చస్తందని రా భయమెయ్యడానికి?" అన్నాడు.

అమ్మ పకపకా నవ్వింది. నాన్న తన చూపు పోయిందని నాతో అనడం అదే మొదటిసారి.  ముక్కలు రెండూ కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.