రత్నం, చిత్తూరు జిల్లా

పోయిన వారం మా ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోయడానికి ఒకతను వచ్చాడు. అతను మూతలు ఒక్కొక్కటే విప్పుతుంటే ఘాటైన పుల్లటి వాసన హాలంతా కమ్ముకుంది. కోడలు కిటికీలు తెరవబోయింది. నేను చేత్తో వారించి, ఎందుకు వారించానో నాకే తెలియక, ఆ వాసనలోనే కాసేపు కూర్చుండిపోయాను. అది మొదటిసారి నా ముక్కుకు తగిలిన రోజున నాకు పదేళ్లు. తిరుపతిలో మా ఇంటి నడవలో మా నాయన ఒక రేడియో పెట్టెనూ, దాన్ని నడిపించే బరువైన బ్యాటరీనీ దించుకున్న రోజది.

అంతకు ముందు మా వీధిలో సాయంత్రమంటే మా ఇంటి అరుగే. నాయనకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. ఆయన అంగడి కట్టేసి వచ్చేసరికి అరుగు నిండి ఉండేది. ఎండాకాలంలో ఆడవాళ్లు చింతపండు గుట్టగా పోసుకుని గింజలు తీస్తుంటే ఆ పులుపు గాలికే మా నోళ్లలో నీళ్లూరేవి. వానలు మొదలయ్యాక వేరుశనక్కాయలు వేయించిన బొచ్చె మధ్యలో పెట్టుకుని, పొట్టు వీధిలోకి ఊదుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థం ఉత్సవం నుంచి తిరిగొచ్చినవాళ్లు బొరుగుల ఉండలు, చెరుకు ముక్కలు పంచుతూ, అక్కడ ఎవరు కనిపించారో, ఎవరి పిల్లకు ఎవరు చుట్టమయ్యారో రాత్రి వంట వేళ దాటేదాకా చెబుతూనే ఉండేవాళ్లు. మేము ఆడపిల్లలం ఓ మూల అచ్చనగాయలు ఆడుకుంటూ ఒక చెవి అటు పడేసి ఉంచేవాళ్లం. ఆ అరుగు మీద ఏ మాటా ఊరికే చెల్లేది కాదు. గూడూరు నుంచి నిమ్మకాయల బస్తాలతో రైలు దిగిన మనిషి ఏదైనా కబురు మోసుకొస్తే, "యాడ యిన్నావు? ఎవురు సెప్పినారు? ఆ సెప్పినోడు కండ్లారా సూసినాడా?" అని పదిమందీ పట్టుకుని గుచ్చిగుచ్చి అడిగేవాళ్లు. పాపం ఆ మనిషి సగం దారిలోనే తడబడి, "ఏమో అబ్బా, అట్లనుకొంటా ఉండారు" అని చల్లగా జారుకునేవాడు.

యుద్ధం మా దాకా వచ్చింది ఒక వేసవిలో. మద్రాసు మీద బాంబులు పడతాయని అక్కడి జనం మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని రైళ్లలో వచ్చి తిరుపతి సత్రాలన్నీ నింపేశారు. అలా వచ్చి, ఇంకా లోపలి ఊళ్లకు పోతున్న ఒక కుటుంబం మోయలేక అమ్మేసిన రేడియోను నాయన కొన్నాడు. మా వీధికి అప్పటికి కరెంటు లేదు. వారానికొకసారి బ్యాటరీని బస్సుల షెడ్డుకు మోయించి, ఛార్జీ పెట్టించి తేవాలి.

మొదటి రోజుల్లో పెట్టెలోంచి పాట వస్తే జనం దాని వెనక్కి వెళ్లి తొంగి చూశారు. నెల తిరిగేసరికి ఆ వింత పోయి, వేరొకటి వచ్చింది. అరుగు మీద ఒకరికొకరు ఎదురుగా కూర్చునే మనుషులు, ఇప్పుడు మా నడవలో అందరూ ఒకే వైపు మొహం పెట్టి వరసలుగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరైనా నోరు తెరిస్తే పక్కవాళ్లు "ఉష్" అనేవాళ్లు. ఆ మాట మా వీధిలో అంతకు ముందు చంటిపిల్లల్ని నిద్రపుచ్చడానికి తప్ప నేను విన్నది కాదు. చింతపండు గుట్టలు ఎవరిళ్లలో వాళ్లకు వెళ్లిపోయాయి. వార్తలయ్యాక జనం లేచి, తలగుడ్డలు దులుపుకుని, మాట్లాడకుండా ఇళ్లకు పోయేవాళ్లు. గుచ్చి అడగడానికి అక్కడ మనిషి లేడు కదా. పెట్టె ఒకసారి చెబుతుంది, అంతే.

మా ఇంటి వెనక వాటాలో మంగక్క ఉండేది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మనిషి. తిరుచానూరు నుంచి పూలు తెచ్చుకుని, కాలి బొటనవేలికి నార చుట్టుకుని, చూపు ఎటో ఉండగానే మూరలకు మూరలు కట్టేసేది. ఆమె మొగుడు మునిరత్నం లారీ డ్రైవరు. పట్టాళంలో డ్రైవర్లు కావాలంటే చేరి, సింగపూరుకు ఓడ ఎక్కాడు. నాకు గుర్తున్నదల్లా అతని నవ్వు. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. సింగపూరు శత్రువుల వశమైందని తెలిసిన తర్వాత అతని నుంచి ఉత్తరం లేదు. సర్కారు కాగితం ఒకటి వచ్చింది, ఆచూకీ తెలియలేదని.

శత్రువుల స్టేషన్లలో సాయంత్రం పూట, తమ చేతికి చిక్కిన సిపాయిల పేర్లు ఇంగ్లీషులో చదువుతారని ఎవరో నాయనకు చెప్పారు. ఆ స్టేషన్లు వినకూడదనేవాళ్లు. నాయన వీధి తలుపు మూయించి, ముల్లు తిప్పి తిప్పి దాన్ని పట్టాడు. నాయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను మిషన్ బడిలో చదువుతున్నాను, చెవులు చురుకు. అందుకని పెట్టెకు ఆనుకుని కూర్చుని, విన్నది విన్నట్టు చెప్పడం నా పనైంది. పదకొండేళ్ల పిల్లను; పెద్దవాళ్లంతా నా నోటి కోసం ఎదురుచూస్తుంటే నా వీపు దానంతటదే నిటారుగా అయ్యేది. మంగక్క రోజూ గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు.

ఏడాదిన్నర గడిచింది. కార్తీకంలో ఒక సాయంత్రం, కొండ మీద మబ్బు దిగి ఉరుములు ఉరుముతున్నాయి. బ్యాటరీ షెడ్డుకు పోవలసిన రోజు దాటిపోయింది. రేడియోలో గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. నంబరు, పేరు, ఊరు; నంబరు, పేరు, ఊరు. మధ్యలో గరగర. ఆ గరగరలోంచి ఒక్కసారిగా "రత్నం, చిత్తూరు డిస్ట్రిక్ట్" అన్న మాటలు తేలి, మళ్లీ మునిగిపోయాయి.

"చిత్తూరు అన్నాడు!" అని ఎవరో అరిచారు. మంగక్క గోడ వదిలి ముందుకొచ్చింది.

"ఏం పేరు సెప్పినాడు పాపా?" అన్నాడు నాయన.

"రత్నం."

"మునిరత్నమేనా?"

ఇక్కడ నేను నిజం రాయాలి. ఆ పేరు ముందు భాగం నాకు సరిగా వినపడలేదు. వినపడినంతలో అది "ముని" కాదు. "జ" లాంటి శబ్దమేదో ఉంది. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ ఇరవై మొహాలు నా వైపు తిరిగి ఉన్నాయి. మంగక్క నా నోటినే చూస్తోంది. తెలియలేదని చెబితే ఆ మొహాలన్నీ ఆరిపోతాయి, వాటితో పాటు నేనూ చిన్నదాన్నైపోతాను.

"అవును నాయనా. మునిరత్నమే," అన్నాను.

మంగక్క కూలబడిపోయి నా రెండు పాదాలూ పట్టుకుంది. తర్వాత లేచి, నా తల తన పొట్టకు హత్తుకుని ఏడ్చింది. ఆమె చీరలో మరువం వాసన. అమ్మ బెల్లం గడ్డ కొట్టి అందరికీ పంచింది. ఎవరూ, ఒక్కరు కూడా, "సరిగ్గా యిన్నావా పాపా?" అని అడగలేదు. గూడూరు మనిషిని అంత గుచ్చి అడిగినవాళ్లు, పెట్టె చెప్పిందంటే తల వంచేశారు. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు మంగక్క తెల్లవారుజామునే అలిపిరికి నడిచి వెళ్లి టెంకాయ కొట్టి వచ్చింది. ఇక చెప్పలేకపోయాను.

ఆ తర్వాత రెండేళ్ల పైచిలుకు ఆమె ఆ మాట మీదే బతికింది. జడలో పూలు పెట్టుకుంది. పంచమికి చేసిన బొరుగుల ఉండలు డబ్బాలో దాచి, పురుగు పట్టాక కాకులకు వేసి, మళ్లీ ఏడాది మళ్లీ దాచింది. పట్టాళం ఆఫీసు ద్వారా అతనికి కార్డులు రాయించింది. ఆ కార్డులు నేనే రాశాను. "నీ పేరు యిన్నాము, బాగుండావని తెలిసింది, నువ్వొచ్చేదాకా ఈ యింట్లోనే ఉంటా అని రాయి పాపా" అని ఆమె చెబుతుంటే, గుండ్రటి అక్షరాలతో ప్రతి మాటా రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. యుద్ధం అయిపోయాక సర్కారు నుంచి రెండో కాగితం వచ్చింది, అతను సింగపూరులోనే, మొదటి వారంలోనే చనిపోయినట్టు తేలిందని. అది ఒప్పుకుంటూ వేలిముద్ర వేయమని గుమాస్తా వస్తే మంగక్క వేయలేదు. "రేడియోలో పేరు సదివినారు సామీ. కాగితం రాసినోడు ఎవుడో, వానికేం తెలుసు," అని ఆ వచ్చిన గుమాస్తాను పంపేసింది.

ఖైదు నుంచి సిపాయిలు తిరిగి రావడం మొదలైంది. నాయన అంగడి పని మీద చిత్తూరు పోయినప్పుడు విచారించి వచ్చాడు. రత్నం పేరుతో జిల్లాకు తిరిగొచ్చిన ఖైదీ ఒక్కడేనట. చిత్తూరులో చర్చి వెనక వీధిలో ఉంటాడట. పేరు జయరత్నం. నాయన ఆ పేరు అన్నప్పుడు, ఆ సాయంత్రం గరగరలో విన్న "జ" నాకు మళ్లీ వినపడింది.

మంగక్క పోయి అడుగుతానంది. ఇద్దరూ ఒకే చోట ఖైదులో ఉండి ఉండొచ్చు, తన మనిషి సంగతి అతనికి తెలిసి ఉండొచ్చు అని ఆమె ఆశ. "యిన్నది పాపే గదా, పాపను గూడా తీసకపోదాం అన్నా," అంది నాయనతో. ముగ్గురం రైల్లో వెళ్లాం.

జయరత్నం నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లుంటాయేమో, కణతల దగ్గర ఎముకలు పైకి వచ్చి, పాదాలు మాత్రం ఉబ్బిపోయి, చూడటానికి భయం వేసింది. మంగక్క చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. మునిరత్నం పేరు తాను వినలేదన్నాడు.

"రేడియోలో సదువుతామని మా పేర్లు రాసుకొని పోయినారక్కా. ఎవురింటారులే అనుకొన్నా," అన్నాడు.

"మేమిన్నాము," అంది మంగక్క. "తిరుపతిలో. రత్నం, చిత్తూరు అని సదివినారు."

అతను తల ఎత్తి ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మీరు యిన్నారా? మరి మాయమ్మకు ఎవురూ సెప్పలేదే."

నాయన తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈ వీధిలో యాడా రేడియో లేదు. నేను సచ్చిపోయినానని కాగితం వస్తే నమ్మేసినాదంట మాయమ్మ. చర్చిలో ప్రార్థన పెట్టిచ్చినాదంట. కూడు మానేసి, ముందటేడు క్రిస్మస్సుకు ముందర పోయినాది," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. తన ఉబ్బిన పాదాల వైపు చూసుకుంటూ చెప్పాడు.

మంగక్క నా వైపు తిరిగింది. "పాపా, నువ్వు ముని అనే మాట యిన్నావు గదా? నీ చెవులతో యిన్నావు గదా?"

"లేదక్కా," అన్నాను. "రత్నం అనే యిన్నా. ముందర జ అన్నట్టుండె. నేను అబద్ధం సెప్పినా."

నాయన చెయ్యి ఎత్తి, దించేశాడు. జయరత్నం గోడ పట్టుకుని లేచి, మెల్లగా పెరట్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. చాలాసేపు కాచుకుని, మేమే లేచి వచ్చేశాం.

తిరుగు రైలు పాకాలలో చాలాసేపు ఆగింది. మంగక్క దిగి, జామకాయలు కొనుక్కొచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. తిట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకే ఒక్క మాట అంది.

"ఆ పొద్దే సెప్పింటే ఆయమ్మకు ఒక కారుడు రాసేవాళ్లం గదా పాపా."

తన గురించి ఏమీ అనలేదు. ఆ జామకాయ నేను తినలేకపోయాను, పారేయనూ లేకపోయాను.

మూడో నాడు ఆమె ఆ సర్కారు కాగితం మీద వేలిముద్ర వేసింది. నెలలోపే మా వాటా ఖాళీ చేసి తిరుచానూరు వెళ్లిపోయింది. అమ్మవారి గుడి వీధిలో పూలమ్ముతూ చాలా ఏళ్లు బతికింది. నేను కనిపిస్తే మూర పూలు తుంచి చేతిలో పెట్టేది, మాట్లాడేది కాదు. నాయన ఆ తర్వాత నన్ను రేడియో దగ్గరికి పిలవలేదు. జనం మాత్రం రావడం మానలేదు, పెట్టె చెప్పిందల్లా నమ్మడమూ మానలేదు. కరెంటు వచ్చాక ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రేడియో వచ్చింది. అప్పుడు వాళ్లూ రావడం మానేశారు.

ఇప్పుడు మా ఇల్లున్న చోట నాలుగంతస్తుల లాడ్జి ఉంది. అరుగు లేదు. ఆ వీధిలో పక్కింటివాళ్ల పేర్లు ఒకరికొకరికి తెలియవు. నా మనవళ్ల ఫోన్లలోకి రోజూ వంద కబుర్లు వచ్చి పడతాయి. ఎవడో పోయాడని ఒకటి వస్తుంది, పోలేదని మరొకటి వస్తుంది, వేలితో అటు తోసేస్తారు. ఎవరు చెప్పారు, కళ్లారా చూశారా అని నేనడిగితే నవ్వుతారు. నాయన, అమ్మ, మంగక్క, ఆ సాయంత్రం నడవలో కూర్చున్న ఇరవై మందీ పోయారు. నవ్వితే కళ్లు మూసుకుపోయే మునిరత్నాన్ని చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

మొన్నామధ్య పెళ్లికని చిత్తూరు వెళ్లినప్పుడు, కారు ఆపించి చర్చి వెనక వీధిలో కాసేపు నడిచాను. పాత ఇళ్లు ఒక్కటీ లేవు. ఎవరినైనా అడుగుదామని ఒక గుమ్మం ముందు ఆగాను. ఎవరి గురించి అని అడిగితే ఏం చెప్పాలో తోచక వెనక్కి వచ్చేశాను. కొడుకు బతికే ఉన్నాడని తెలియక కూడు మానేసిన ఆ తల్లి పేరేమిటో, ఆ రోజు మేమెవరమూ అడగలేదు.